సగం కచేరీకి కుదిరిన బేరం

తెలివితక్కువ పనికి హిందూపురం బజారులో ఎవరైనా సన్మానం తలపెడితే ఆ శాలువా నాకే కప్పాలి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం లేనిదే వంటింట్లో నుంచి వాకిలి దాకా నడవలేని మనిషిని, డాక్టరు వద్దన్నా, కట్టుకున్న భర్త వద్దన్నా, కారులో కూర్చోబెట్టుకొని బెంగళూరుకు తీసుకుపోయాను. వైద్యానికి కాదు, జాజ్ కచేరీ వినిపించడానికి. ఇంతటి ఘనకార్యం మా వంశంలో మరొకరు చేసి ఉండరు.

ఆ మనిషి మా వదిన విశాలాక్షమ్మ. ఆ ప్రయాణం జరిగి నెల తిరక్కముందే పెనుకొండలో తన ఇంట్లోనే కన్నుమూసింది. ఫోన్ వచ్చినప్పుడు నేను అంగడి షట్టరు ఎత్తుతున్నాను. అన్న ఒక్కటే మాట అన్నాడు: "మీ వదిన పాయె రా." వస్తుందని తెలిసిన వార్తే. తెలిసినందువల్ల దెబ్బ ఏమీ తగ్గలేదు. తెరిచిన అంగడిని తెరిచినట్లే వదిలేసి బస్సెక్కానని, పక్క అంగడివాడు తాళం వేశాడని తర్వాత తెలిసింది. తాళం మరిచిపోవడం మా ఇంట్లో పిచ్చికి తొలి లక్షణంగా భావిస్తారు.

వదిన ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల ఇంట పుట్టింది. పెనుకొండలో బట్టల అంగడి నడిపే మా అన్న నాగభూషణాన్ని చేసుకుంది. నాది హిందూపురంలో స్టీలు, ఇత్తడి పాత్రల అంగడి. మా ఇళ్లలో పిల్లలకు అక్షరాలకంటే ముందు తూకం వస్తుంది. అటువంటి కుటుంబంలో, పట్టుకోవడానికీ ఇంటికి తెచ్చుకోవడానికీ వీల్లేని వస్తువు కోసం దుడ్లు ఖర్చు పెట్టిన ఏకైక వ్యక్తి ఆమె. శ్రవణాన్నే ఉపాసనగా చేసుకున్న రసజ్ఞురాలు అని రాస్తే, ఆమె ఉండి ఉంటే నవ్వేది. అయినా రాస్తున్నాను, అది నిజం కాబట్టి.

ఆ ఉపాసన ఎట్లా మొదలైందో చెప్పాలి. పెళ్లి చీరలు అప్పజెప్పడానికి అన్నావదినలు బెంగళూరు పోయినప్పుడు, ఆ పెళ్లివారింటి పెద్దావిడ తాము పోలేకపోతున్న కచేరీకి టికెట్లు రెండు వదిన చేతిలో పెట్టింది. ఊరికే వచ్చినదాన్ని వృథా చేయడం మా అన్నకు చేతకాదు కాబట్టి ఇద్దరూ పోయారు. వేదిక మీద సాక్సఫోన్, పియానో, డ్రమ్స్, మనిషంత ఎత్తున్న ఒక తీగల వాద్యం. అన్నకు వెంటనే గాఢనిద్ర పట్టింది. వదిన కదలకుండా కూర్చుంది.

"ఏముండాది వదినా దాంట్లో?" అని అడిగాను, ఊరికి తిరిగొచ్చినాక.

"చెప్పేదానికి రాదు మరిదీ. ఆ సాక్సఫోన్ ఆయన ఊదేదానికి ముందర గాలి పీల్చుకుంటాడు చూడు, ఆ చప్పుడు వినపడె నాకు. ఇప్పుడు ఏం వాయించేది ఆయనకే తెల్దేమో అనిపించె."

అన్నకు నిద్రపోవడానికి ఇంట్లో మంచం ఉండటంతో, తోడు పోయే బాధ్యత నామీద పడింది. సరుకు కోసం నేను ఎటూ బెంగళూరు పోయేవాణ్ని. వదిన పెనుకొండలో రైలెక్కి కిటికీ పక్కన చోటు పట్టేది, నేను హిందూపురంలో ఎక్కి ఆ చోటు లాక్కునేవాణ్ని.

మొదటిసారి పోయినప్పుడు రైలు ఆలస్యమైంది. టికెట్లిచ్చే అమ్మాయితో కన్నడంలో బేరం పెట్టాను: కచేరీ మొదలైపోయింది కదమ్మా, మేము వినని పాటలకు కూడా మేమే ఇచ్చుకోవాలా అని. ఆ అమ్మాయి నవ్విందే గాని పైసా తగ్గించలేదు. వదిన నా చొక్కా చెయ్యి పట్టుకొని లోపలికి ఈడ్చుకుపోయింది. కూర్చున్న కాసేపటికే జనం చప్పట్లు కొట్టారు. అయిపోయిందనుకొని సంచి చంకన పెట్టుకొని లేచాను.

"కూర్చో మరిదీ," అంది వదిన నవ్వు ఆపుకుంటూ. "ఆయన వంతు బాగుండాదని కొడతాండారు. కచేరీ ఇంకా ఉండాది."

తిరుగు రైల్లో నా ఫిర్యాదు వినిపించాను. పాట మొదలుపెడతారు, దాన్ని నడిమధ్యలో వదిలేసి ఎక్కడికో పోతారు, చివర్లో గుర్తొచ్చినట్లు వెనక్కి వస్తారు, దీనికి టికెట్టు ఎందుకు అని.

"నువ్వు బిందె అమ్మేది ఎట్ల?" అంది వదిన. "ఒకామె వచ్చి ఒక రేటు అడుగుతాది. నువ్వు ఆ మాటనే కొంచెం తిప్పి ఆమెకు చెప్తావు. ఆమె ఎండల గురించి ఎత్తుకుంటాది. నువ్వు మీ అమ్మ బాగుండాదా అంటావు. యాడ కుదురుతాదో ఇద్దరికీ తెలుసు. అయినా నేరుగా ఆడికి పోరు. పోతే నీకూ బాగుండదు, ఆమెకూ బాగుండదు. వీళ్లు చేసేదీ అదే."

సంగీత శాస్త్రం మీద నేను విన్న ఉపన్యాసం అదొక్కటే. ఇంకొకటి అవసరం కూడా పడలేదు. ఆనాటి నుంచి అంగట్లో నన్ను నేను కళాకారుడిగా పరిగణించుకుంటున్నాను. గిరాకీలు మాత్రం ఇంకా ఆ గౌరవం ఇవ్వడం లేదు.

ఒకసారి ట్రంపెట్ వాయించే కుర్రవాడికి పైస్థాయిలో స్వరం పగిలింది. నాకు కూడా తెలిసేంతగా పగిలింది. వాడు ఒక క్షణం ఆగి, ఆ పగిలిన స్వరాన్నే కావాలని మళ్లీ పలికించాడు. మళ్లీ పలికించాడు. కాసేపటికి మిగిలినవాళ్లంతా దాన్నే పట్టుకున్నారు. పాట అటు తిరిగిపోయింది. వదిన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చూసినావా? నువ్వు సొట్టబోయిన బిందెను వెనకాల దాచిపెడతావు. ఈ పిల్లోడు ముందరికి తెచ్చి పెట్టినాడు."

ఇవన్నీ ఫోన్లో ఊరికే దొరుకుతాయి కదా అని వాదించని నెల లేదు. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: "ఫోన్లో వాళ్లు నాకోసం వాయించరు. ఈడ నేను కూర్చోనుండేది వాళ్లకు తెలుస్తాది." అది భ్రమ అని నేననేవాణ్ని. ఒకనాడు పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన, పెద్ద సొరబుర్రకు తోలు బిగించి తీగలు కట్టిన కోరా అనే వాద్యం వాయించాడు. కచేరీ అయ్యాక వదిన నేరుగా ఆయన దగ్గరికి పోయి, బుర్రను వేలితో తట్టి చూసి, సంచిలో నుంచి వేరుశనగ ఉండల పొట్లం తీసి ఇచ్చింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆయన ఒక ఉండ కొరికి, వేరుశనగను గుర్తుపట్టి, తన భాషలో దాని పేరు చెప్పాడు. వదిన మన పేరు చెప్పింది. ఆ తర్వాత వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ భాషలోనో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

కచేరీ అంటే బెంగళూరే కానక్కర్లేదు ఆమెకు. పెనుకొండలో పెళ్లి ఊరేగింపు అంగడి ముందుకొస్తే, కొలుస్తున్న గుడ్డను అట్లాగే వదిలేసి మెట్ల మీదికి వచ్చేది. ఒకసారి బ్యాండులో క్లారినెట్ వాయించే ఆయన్ని ఆపి అడిగింది: "ఏమప్పా, నడిమధ్యలో వాయిస్తివే, అది ఏం పాట?"

"పాట కాదమ్మా," అన్నాడాయన సిగ్గుపడి. "పాట మర్చిపోయి, గుర్తొచ్చేదాకా ఏందో వాయించినా."

"అదే బాగుండాది. మళ్లా మర్చిపో."

ఆయన నిజంగానే మరిచిపోయాడు. పెళ్లికొడుకు గుర్రం మీద ఎండలో వేచి ఉన్నాడు.

తర్వాత ఆయాసం మొదలైంది. మెట్లు ఎక్కలేకపోయింది, ఆపైన నడవలేకపోయింది. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయనీ, వెనక్కి మళ్లే జబ్బు కాదనీ డాక్టరు చెప్పాడు. రైలు ప్రయాణాలు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే, ఆమె మొట్టమొదట విన్న ఆ సాక్సఫోన్ విద్వాంసుడు వృద్ధాప్యంలో మరోసారి బెంగళూరు వస్తున్నాడని, ఆదివారం మధ్యాహ్నం కచేరీ అని తెలిసింది. వదిన నన్ను పిలిపించుకుంది. గొట్టం సర్దుకొని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పింది.

"నా ఊపిరి పాయె మరిదీ. ఆయనది ఎట్లుండాదో వినాలని ఉండాది."

డాక్టరుతో బేరం పెట్టాను, కుదరలేదు. తాను చెప్పవలసింది చెప్పేశానన్నాడు. మిగిలింది అన్న. అంగట్లో గజం బద్ద పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నీకు బుద్ధుండాదా? మంచం దిగితేనే ఆయాసం వస్తాది ఆమెకు."

"కుర్చీలోనే కూర్చోనుంటాది అన్నా. ఆక్సిజన్ మిషను తోడుంటాది. నేనుంటా."

"నువ్వుండావనే నా భయం."

నేను మాట్లాడలేదు. బేరంలో మౌనానికున్న విలువ నాకు తెలుసు. అన్న బద్దను బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీసుకున్నాడు.

"సగం," అన్నాడు చివరికి. "మధ్యలో విరామం ఇస్తారు కదా, ఆడికి లేపుకొని వచ్చేయాల. మాటియ్యి."

ఇచ్చాను. అసలే లేదన్న మనిషి దగ్గర సగం రాబట్టానని లోలోపల నన్ను నేను అభినందించుకున్నాను కూడా.

ఆ ఆదివారం కచేరీ హాల్లో తలుపు పక్కన, చివరి వరసలో చక్రాల కుర్చీకి చోటు ఇప్పించాను. చేతిసంచంత ఆ మిషను ప్రతి ఊపిరికీ టుస్సుమనేది. కారులో వినపడని చప్పుడు ఆ నిశ్శబ్దంలో పెద్దదై వినపడింది. ముందు వరసలో ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. పాట మెత్తబడిన చోట వదిన మిషను ఆపేసింది. నేను నొక్కాను. ఆమె మళ్లీ ఆపింది. చీకట్లో మా ఇద్దరి వేళ్లూ ఆ మీట మీద పోట్లాడుకున్నాయి.

"నా ఊపిరి వినేదానికి ఎవురూ టికెట్టు కొనలేదు మరిదీ," అని గుసగుసలాడింది. అయినా నేనే గెలిచాను.

ముసలాయనకు దమ్ము తగ్గిపోయింది. ఒక్క ఊపిరిలో వాయించవలసినదాన్ని ముక్కలు చేసి, మధ్యమధ్య ఖాళీలు వదిలాడు. నాకు జాలేసింది. వదిన ముఖంలో జాలి లేదు. తనకు బాగా తెలిసిన దారిన పోతున్న మనిషిని చూసినట్లు చూస్తోంది.

"యాడ ఆగాలనో తెలుసుకున్నాడు," అంది.

విరామంలో దీపాలు వెలిగాయి. పోదామన్నాను.

"ఇంకా సగం ఉండాది."

"అన్నకు మాటిచ్చినా వదినా."

"నాకియ్యలేదు కదా." ఒక నిమిషం నా ముఖం చూసింది. అక్కడ ఏమి కనబడిందో గాని, "సరే, పద. మీ అన్న నిన్ను మళ్లా నమ్మాల గదా," అంది.

కుర్చీని వసారాలోకి తోసేటప్పటికి లోపల రెండో భాగం మొదలైంది. ఆపమని చెయ్యెత్తింది. ఆపాను. తలుపు దానంతటదే మూసుకునేదాకా వింది. తిరుగుదారిలో కారు బాగేపల్లి చేరింది. అక్కడ, "మొదటి సగం నిండుగా ఉండాది మరిదీ," అని నా భుజం తట్టింది. నన్ను ఓదార్చడానికే అన్నదని నాకు తెలుసు.

కర్మ దినాన బంధువులు వెళ్లిపోయాక, అన్నా నేనూ అంగడి మెట్ల మీద కూర్చున్నాం.

"ఆ పొద్దు రెండో సగం వినిందా?" అన్నాడు.

"లేదన్నా. నువ్వు చెప్పినట్లే లేపుకొచ్చినా."

"పుట్టినప్పటి నుంచీ నేను చెప్పింది చెప్పినట్ల ఒకటన్నా విన్నావా రా?"

"లేదు."

"మరి ఆ పొద్దు ఏమిటికి విన్నావు?" కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "సగమనేది నా కడపటి మాట కాదు రా. ఇంకోతూరి అడుగుతావని కాచుకోనుంటి. అడిగింటే పూర్తిగా సరే అందును."

గిరాకీ మెట్లు దిగి పోతున్నా వెనక్కి పిలిచి ఇంకొక మాట అడిగేవాణ్ని నేను.

విశాలాక్షమ్మ వంటి శ్రోత ఏ విద్వాంసుడికీ తేలికగా దొరకదు. పేరు తెలియని వాద్యం ముందు కూడా వినయంగా కూర్చొని, తప్పును తప్పుగా కాక తర్వాతి అడుగుగా వినగలిగిన మనస్సు ఆమెది. కళాకారులు దేశదేశాల నుంచి ఇకమీద కూడా వస్తారు. వాళ్లు గాలి పీల్చుకునే చప్పుడు వినడానికి పెనుకొండలో రైలెక్కే మనిషి లేదు. ఆ స్థానం భర్తీ అయ్యేది కాదు. ఆ పుణ్యమూర్తికి ఈ మరిది నమస్కారం.

ఇక లెక్క. ఆ ప్రయాణం ఆమె ఆయుష్షులో ఎన్ని రోజులు తిన్నదో డాక్టరు చెప్పలేడు, నేను అడగలేదు. కొన్ని తినే ఉంటుంది. అవి నా పేర రాసుకుంటున్నాను. ఆమెకు దక్కింది సగం కచేరీ. అది నా గొప్ప కాదు, అన్న మనస్సులో అప్పటికే ఉన్నది. దక్కకుండా పోయిన సగం మాత్రం, అడిగితే దొరికేది. అదీ నా పేరే. ఇందులో తగ్గింపు అడగడం లేదు.