ఖాడీ ఒడ్డున మట్టిని నమ్మని మా స్వప్న

స్వప్న ఇక లేదు.

నిన్న పొద్దున వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెబితే "ఏ స్వప్న?" అని అడిగాను. మనసు ఒప్పుకోలేదు.

మొన్న హాస్పిటల్‌లో జ్యూస్ తాగుతూ నవ్వింది. డెంగ్యూయే కదా, తగ్గిపోతుందనుకున్నాం.

గుజరాత్‌కి వలసొచ్చిన మా తెలుగు కుటుంబాలుండే లింబాయత్‌లో ఒకే గల్లీలో పెరిగాం. కోపమొస్తే గుజరాతీలో తిట్టేది, ప్రేమొస్తే మన తెలుగులో.

వాళ్ల నాన్న పవర్‌లూమ్ పని చేయలేని స్థితికొచ్చాక, అమ్మ రాజవ్వ ఖాడీ ఒడ్డున పాలకూర పండించి అమ్మింది. ఖాడీ అంటే మిల్లుల నీళ్లు కలిసే మా వాగు. ఆ పాలకూరే స్వప్నను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించింది.

ల్యాబ్‌లో జాబ్ రాగానే అమ్మ మడిలో మట్టిని టెస్ట్ చేసింది. సీసం, క్రోమియం. ఉండకూడనంత.

రాజవ్వత్త నమ్మలేదు. "నీళ్లు తేటగనే ఉన్నయ్ కదనే!"

ఆ ఆదివారం స్వప్న గల్లీ ఆడవాళ్లను పిలిచింది. ప్లాస్టిక్ బాటిల్ అడుగు కోసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులు చేసి ఆ నల్లమట్టి నింపింది. పైనుంచి రంగునీళ్లు పోసింది.

మెల్లమెల్లగా కింద తేట నీళ్లు దిగాయి.

"అబ్బ! మన్ను సాఫ్ చేసింది!" అంది పక్కింటావిడ సంబరంగా.

"మరి రంగు ఏడికి వోయింది వదినా? మన్నుల్నే ఉన్నది. సీసం కంటికి కనవడది గని గిట్లనే అతుక్కుంటది. నీళ్లు పోతయ్, అది పోదు. ఏండ్లకేండ్లు జమైతది. అండ్లకెల్లి జరంత జరంత వేర్లు గుంజుకుంటయ్."



మర్నాడు రాజవ్వత్త కోతకొచ్చిన పాలకూరంతా తనే పీకేసింది. ఏడుస్తూ పీకింది. పక్కన స్వప్న కూడా ఏడుస్తూనే.

ఆ తర్వాత చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు.

చివరికి స్వప్నే బంతి నారు తెచ్చింది. "తినేటియి వద్దమ్మా. పూలు పెడ్దాం." ఆ ఏడాది పక్కనున్న ఉధ్నా దాకా మనవాళ్ల బతుకమ్మల్లో ఆ బంతిపూలే. తల్లీకూతుళ్లు మళ్లీ ఒకే కంచంలో తిన్నారు.

నిన్న తీసుకెళ్లేటప్పుడు రాజవ్వత్త నా చెయ్యి వదల్లేదు.

"నేను దాన్తోని మాట్లాడకుంట పోగొట్టుకున్న దినాలు మల్ల ఎవలిస్తరు బిడ్డా?"

ఆమెను పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

పోయిరా స్వప్నా. అమ్మ దగ్గర మేమున్నాం.

ఇక ఏ నొప్పీ లేకుండా, నెమ్మదిగా నిద్రపో.