జర్మనీ పిల్ల అడిగిన మాట

పరీక్షలు అయిపోయిన రోజు హాస్టల్లో అందరూ ఊళ్లకు పోవడానికి పెట్టెలు సర్దుకుంటుంటే, నా గదిలో ఉండే జర్మనీ పిల్ల మంచం మీద భారతదేశం పటం పరుచుకొని కూర్చుంది. తెలుగు నేర్చుకోవడానికి ఒక ఏడాది కోసం హైదరాబాదు వచ్చిన పిల్ల. ఏడాది గడిచిపోయింది. ఇంకో వారం పది రోజుల్లో బొంబాయిలో ఓడ ఎక్కాలి. పరదేశంలో చదువు ముగిశాక, ఇంటికి పోయే ముందు ఏదో ఒక నగరం పోయి నాలుగు రోజులు ఊరికే తిరిగి రావడం వాళ్లలో అలవాటట. ఆగ్రా అని ఒకరు, మద్రాసు అని ఒకరు, మైసూరు అని ఇంకొకరు సలహాలు చెప్పారు. నగరమే కావాలంటే మా ఊరికి రా అన్నాను నేను. వేళాకోళానికే అన్నాను.

మాది బొగ్గుబాయిల ఊరు. కాజీపేట నుంచి కాగజ్‌నగర్ పోయే రైలు దారిలో మంచిర్యాల దాటాక వస్తుంది. గనిని మేం బాయి అనే అంటాం. చుట్టుపక్కల పల్లెలకు మాదే పట్నం. రాత్రంతా కరెంటు దీపాలు వెలిగేవి. రెండు సినిమా హాళ్లు ఉండేవి. గోరఖ్‌పూర్ వాళ్లు, ఒరియా వాళ్లు, మరాఠీ వాళ్లు, మా కరీంనగర్ వాళ్లు పక్కపక్క ఇండ్లలో ఉండి ఒకరి కూర వాసనకు ఒకరు ముక్కు మూసుకునేవారు. ఇదంతా చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు. మీ నాన్న బొగ్గుగనిలో పని చేస్తాడా అని అడిగింది. అవునన్నాను. మా తాత చేసిన పని కూడా అదే అని, పటం మడిచి పెట్టెలో పడేసింది. తాజ్‌మహల్‌ను కాదని మా ఊరికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

అన్నాక వెనక్కి తీసుకోలేను గదా. కాని రైలెక్కినప్పటి నుంచి నాకు లోపల గుబులుగానే ఉంది. ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరిదీ ఒకటే ధ్యాస. బాపును, అంటే మా నాన్నను, బాయి కింద నుంచి పైకి తేవాలి.

బాపు పని, బాయి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. నేను పుట్టక ముందు నుంచీ అదే పని. రెండేండ్లుగా ఆయనకు దమ్ము మొదలైంది. ఇంటి నుంచి బాయి దాకా నడిచేటప్పుడు మధ్యలో కల్వర్టు మీద కూర్చొని ఊపిరి తీసుకొని పోయేవాడు. కూర్చున్నది ఎవరూ చూడొద్దని బీడీ ముట్టించినట్టు నటించేవాడు. అప్పుడే లాంపు రూములో ఒక మనిషి కావాల్సి వచ్చింది. కిందికి దిగేవాళ్ల టోపీ దీపాలు ఇచ్చి, పైకి వచ్చినప్పుడు తీసుకునే గది అది. దుమ్ము లేదు, దిగుడు లేదు, నీడన కూర్చొని చేసే పని. బాపు మీద దయ ఉన్న ఒక సర్దారు, కింద కూలీల పని చూసే మనిషి, ఆయన పేరు బాయి మేనేజరుకు, మేం పెద్ద దొర అనే ఆయనకు, చెప్పాడు. గురువారం పొద్దున మొదటి షిఫ్టు కూత పడే వేళకు దొర అక్కడికి వస్తాడని, ముందు నిలబడ్డవాణ్ని చూసి ఖాయం చేస్తాడని, ఆ రోజు ఆలస్యం చేయొద్దని మరీమరీ చెప్పి పోయాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు అదే పని కోసం తిరుగుతున్నారు.

మేం మంగళవారం దిగాం. అవ్వ, అంటే మా అమ్మ, ఆ పిల్లను చూసి, తెల్లగా ఉంది గాని బొక్కలు తేలి ఉంది, హాస్టలోళ్లు తిండి పెట్టరా అని నన్ను కోప్పడింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఆమె పచ్చిపులుసు గిన్నెతో తాగేసి ఇంకొంచెం అడిగింది. ఆ దెబ్బతో అవ్వ ఆమె పక్షం అయిపోయింది. నన్ను బిడ్డా అనడం మానేసి ఆమెనే బిడ్డా అనడం మొదలుపెట్టింది.

రెండు రోజులు ఆమె మా ఊరిని నిజంగానే నగరం చూసినట్టు చూసింది. అంగడి, రైల్వే వంతెన, బాయి నుంచి తీసిన రాళ్లు పోసిన గుట్ట, దేన్నీ వదల్లేదు. స్టేషను ముందు చాయ్ హోటలు సాయిబు మాతో తెలుగులో, గోరఖ్‌పూర్ వాళ్లతో ఉర్దూలో, తన మామతో రెండూ కలిపి మాట్లాడుతుంటే, ఎదురుగా కూర్చొని పరీక్షకు చదివినట్టు విన్నది. ఆయన ఆమెకు ఇంకో చాయ్ ఇచ్చి, మా ఊళ్ల ఏం చూస్తవమ్మా, బొగ్గు తప్ప అన్నాడు. బొగ్గే చూడటానికి వచ్చాను అంది. హోటలంతా నవ్వింది. నాకు కొంచెం గర్వంగా, ఎక్కువ సిగ్గుగా ఉంది. నేను పారిపోదామని చూస్తున్న ఊరిని ఒకరు టికెట్టు కొని వచ్చి చూడటం ఏదోలా ఉంటుంది.

బాపు పొద్దున డ్యూటీకి బయలుదేరేటప్పుడు మా ఇంట్లో ఎవరం నోరు విప్పేవాళ్లం కాదు. కంపెనీ వరసగా కట్టించిన ఆ లైన్ల ఇండ్లన్నిటిలో ఉన్న పట్టింపు ఇది. వెనక నుంచి పిలవొద్దు. ఎటు పోతున్నవని అసలే అడగొద్దు. అడిగితే మనిషి తిరిగి ఇంట్లోకి రావాలి, చెప్పులు విడిచి కూర్చోవాలి, మంచినీళ్లు తాగి కాసేపు ఆగి మళ్లీ బయలుదేరాలి. పల్లెల్లో కూడా ఉంది ఇది, కాని అక్కడ చూసీచూడనట్టు పోతారు. పొలానికి పోయేవాడు ఎట్లాగూ పొద్దుగూకితే వస్తాడు. మా దగ్గర అట్లా కాదు. పిలిస్తే ఆగకుండా పోయి పైకి రాని మనిషి కథ ప్రతి లైనుకూ ఒకటి ఉండేది. నేను కాలేజీలో తర్కశాస్త్రం చదివినదాన్ని, ఇవేవీ నమ్మను. అయినా బాపు చెప్పుల్లో కాళ్లు పెట్టగానే నా నోరు దానంతటదే మూతపడేది.

బుధవారం పొద్దున అట్లాగే జరిగింది. అవ్వ సద్ది గిన్నె చేతికిచ్చింది, బాపు తీసుకున్నాడు, గేటు చప్పుడైంది, పోయాడు. జర్మనీ పిల్ల చాప మీద మేలుకొనే ఉంది. కళ్లు తెరుచుకొని చూస్తుండటం నేను గమనించాను. నిద్ర పట్టలేదేమో అనుకున్నాను.

గురువారం తెల్లవారుజామున అవ్వ దేవుడి పటాల ముందు దీపం పెట్టింది. బాపు ఉతికిన అంగీ వేసుకున్నాడు. నడకలో ఆగకుండా పోలేడు గనుక, కూతకు సరిపోయేట్టు లెక్కచూసుకొని లేచాడు. గడప దాటి వాకిట్లోకి దిగి, గేటు మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆ పిల్ల చాప మీద నుంచి గబుక్కున లేచి, జుట్టు కూడా సరిచేసుకోకుండా గడపలోకి పోయి నిలబడింది.

"బాపూ, మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

ఒక్కో మాట విడివిడిగా, పాఠంలో నేర్చుకున్నట్టే స్పష్టంగా అడిగింది. అవ్వ చేతిలోని చెంబు ఒరిగి నీళ్లు ఒలికాయి. పక్కింటి గోరఖ్‌పూర్ ఆయన కూడా అప్పుడే బయటికి వచ్చాడు. విన్నాడు, తల దించుకొని పోయాడు.

బాపు గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆమెకు తెల్వదు, నువ్వు పో బాపూ అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వుతూ జవాబు కోసం ఎదురుచూస్తోంది. బాపు వెనక్కి వచ్చాడు. చెప్పులు విడిచాడు. ఊరికే, ఇక్కడికే అని ఆమెకు జవాబు చెప్పి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అవ్వ నీళ్లిచ్చింది. పొమ్మని ఆయనకు చెప్పే ధైర్యం అవ్వకూ లేదు. ఆ పిల్ల సంతోషంగా ఆయన పక్కన చతికిలబడి, తన కెమెరా తెచ్చి ఫొటో తీసింది. బాపు ఫొటోకు నవ్వాడు కూడా. ఆయన ఇంకా కూర్చొని ఉండగానే కూత పడింది. అంత పొడుగు కూత నేను ఎన్నడూ వినలేదు.

తర్వాత బాపు పోయాడు. ఆయన పోయేసరికి పెద్ద దొర వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. లాంపు రూములో పని, వేళ్లు నలిగిన ఒక ఒరియా ఆయనకు ఖాయమైంది. ఆయనకూ అవసరమేలే అని బాపు ఆ షిఫ్టుకు మామూలుగా కిందికి దిగాడు. ఆ రోజు బాయిలో ఏమీ జరగలేదు. ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. అది తెలిసి నాకు ఇంకా మండింది. ఏదన్నా జరిగి ఉంటే, పోనీ ఆగి పోయినందుకే బతికి వచ్చాడనుకునేదాన్ని.

అవ్వ ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం ఆమెకు అన్నం పెట్టి, వంటింట్లోకి వచ్చి, ఏడ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చుట్టాన్ని తెచ్చే గడియ గిదేనా అని నన్ను అంది. నేను కోపమంతా బాపు మీద తీశాను. ఆయన షిఫ్టు దిగి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే పోయి నిలబడి, ఊపిరి ఆడని మనిషి ఒక మూఢనమ్మకం కోసం ఊపిరే వదులుకుంటాడా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను. నేను అలసిపోయేదాకా ఆయన పాదాలు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఆమెకు తెల్వదని నాకు తెల్వదా బిడ్డా," అన్నాడు. "నేనొక్కన్నే అయితే పోయేటోన్నే. కని లాంపు రూముల కూసున్నా మనిషి ఎన్నడో ఒకనాడు పోతడు. ఎన్నడు పోయినా మీ అవ్వ ఆ పిల్ల పేరే తీసి ఏడుస్తది. లైనంత గదే చెప్పుకుంటది. మన ఇంటికొచ్చి, మన బువ్వ తిన్న పిల్లకు గా మాట ఎందుకు?"

నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా పోలేదు. రెండూ కలిసి వస్తే ఏం చెయ్యాలో తెలియక బిందె తీసుకొని నల్లా దగ్గరికి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమెను రైలెక్కించడానికి నేనొక్కదాన్నే స్టేషనుకు వెళ్లాను. రైలు ఆలస్యం. ఎండకు బల్ల కాలుతోంది. చెప్పేద్దామని నాలిక చివరి దాకా వచ్చింది. బాపు మాట గుర్తొచ్చి మింగేశాను. అంతలో ఆమే మొదలుపెట్టింది. మీ ఇంట్లో నాకు ఒక్కటే నచ్చలేదు అంది, మొహమాటంగా. మీ నాన్న పొద్దున్నే గనికి పోతుంటే ఎవరూ పలకరించరు, అది చూసి భయమేసింది అంది. వాళ్ల ఊళ్లో గనికి పోయే మనిషిని మాట్లాడించకుండా పంపరట. ఎంత గొడవపడ్డా సరే, ఎవరో ఒకరు గడపలోకి వచ్చి, ఎక్కడికి పోతున్నావని అడగాలి, ఆయన గనికి అని చెప్పి పోవాలి. జవాబు చెప్పి పోయినవాడు ఇంటికి బాకీ పడతాడని, తప్పకుండా తిరిగి వస్తాడని వాళ్ల అమ్మమ్మ చెప్పేదట. బుధవారం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమెకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఇక గురువారం ఆగలేక తనే అడిగింది.

రైలు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి నా చెయ్యి పట్టుకొని, మీ నాన్న ఎంత మంచివాడు, అడిగినందుకు తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు అంది. అవును, మంచివాడే అన్నాను.

ఇంటికి వచ్చి ఇదంతా అవ్వకు చెప్పాను. నమ్మకాలు ఎంత అర్థం లేనివో చూడు, వాళ్లది ఒక తీరు, మనది ఇంకో తీరు, రెండూ ఒట్టివే అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. ఉపన్యాసం అయిపోయాక ఒక్కటే అడిగింది.

"గామె తాత ఎట్ల పోయిండట?"

ముసలివాడై, ఇంట్లో మంచం మీద, అందరూ చుట్టూ ఉండగా పోయాడట అని, హాస్టల్లో ఆమె చెప్పిందే చెప్పాను. అవ్వ మళ్లీ బియ్యంలోకి వంగింది.

మర్నాడు తెల్లవారుజామున బాపు సద్ది గిన్నె తీసుకొని గడప దాటాడు. అవ్వ ఆయన వెనకాలే గడప దాకా వచ్చి, తలుపు పట్టుకొని నిలబడింది.

"ఎటు పోతున్నవ్?" అంది.

నేను లేచి కూర్చున్నాను. బాపు వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు. చెప్పులు విడవబోయి, ఆగాడు.

"బాయికి," అన్నాడు. అని, గేటు దగ్గరికి వేసి పోయాడు.

అవ్వ అక్కడే గడప మీద కూర్చుంది. మధ్యాహ్నం షిఫ్టు దిగి ఆయన వచ్చేదాకా లేవలేదు.