జరగని విందు

ఎద్దు మెడలోని గంట ఊరి బయట వినిపించగానే మిట్టేమరి ఆడవాళ్ళు చేటల్లోకి రాగులు తీసేవారు. మగవాళ్ళు అరుగు మీద చోటు చేసేవారు. పిళ్ళప్ప వచ్చాడంటే ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళందరూ ఒక పూటకు తిరిగి వచ్చినట్టే. అతడు వంశాలు చెప్పే హెళవ. రెండు మూడేళ్ళకొకసారి, పంట ఇల్లు చేరిన తరువాత, బాగేపల్లి, చింతామణి తాలూకాల రైతుల ఇళ్ళ ముందు ఎద్దు దిగి, ఆ ఇంటి మూలపురుషుడి నుంచి మొన్న పుట్టిన మగబిడ్డ వరకు వరసగా పేర్లు చెప్పి, గింజలూ బట్టా తీసుకుని వెళ్ళేవాడు. రాసిపెట్టుకున్నది ఏదీ లేదు. తండ్రి నోటి నుంచి అతడి నోటికి వచ్చింది, అంతే.

ఆ విద్యతో పాటు తండ్రి ఒక కట్టుబాటు కూడా నేర్పాడు. పేర్లు దేవుడి సొత్తు. వాటిని చేర్చకూడదు, తీయకూడదు, వరస మార్చకూడదు. పేరుకూ పేరుకూ నడుమ ఉన్నదంతా చెప్పేవాడి సొత్తు. అందువల్ల చలిజ్వరంతో పోయిన మనిషి పిళ్ళప్ప నోట పులితో పోరాడి పోయేవాడు. నాలుగు మేకలున్న ఇంట్లో పెద్ద ఆవులమంద అంబా అనేది. వినేవాళ్ళకు అది తెలియక కాదు. తెలిసే, ప్రతి పేరుకూ "ఊఁ" కొట్టి, మురిసిపోయేవారు.

"మా తాత పులిని చంపె, మా ముత్తాతా పులినే చంపె. మిట్టేమరిలో అన్ని పులులు యాడుండె పిళ్ళప్పా?" అని పటేలు బైరప్ప ఒకసారి అరుగంతా నవ్వేలా అడిగాడు.

"ఇప్పుడు యాడుంటాయప్పా? అన్నీ మీవాళ్ళే చంపేసిరి గదా," అన్నాడు పిళ్ళప్ప. ఆ మాటకు అతడికి కొత్త పంచె ఒకటి దొరికింది.

అతడి బ్రతుకు అలాగే సాగిపోవలసింది. ప్లేగు వచ్చిన ఏడు, ఆ సంగతి చెవిన పడకముందే, అతడు మిట్టేమరి దారి పట్టాడు. ఊళ్ళో మనిషి అలికిడి లేదు. లోపల ఎండ పడడం కోసం ఇళ్ళ మీది పెంకులు తీసి పక్కన పేర్చారు. వాకిళ్ళలో చచ్చిన ఎలుకలు. జనమంతా పొలాల్లో గుడిసెలు వేసుకుని ఉంటున్నారని పొగలు చూసి గ్రహించాడు. వెనక్కు తిరగబోతుండగా, అన్నిటికీ దూరంగా ఒంటరిగా ఉన్న గుడిసె లోంచి ఎవరో అతడిని పేరు పెట్టి పిలిచారు.

పిలిచినవాడు బైరప్ప తమ్ముడు నరసింహప్ప. చంకలో ప్లేగు గడ్డ లేచి, చాప మీద పడి ఉన్నాడు. పక్కన అతడి భార్య చెన్నమ్మ, ఆమె ఒళ్ళో పురిటి వాసన పోని బిడ్డ. ఆమె పురుడు బట్లహళ్ళిలోని పుట్టింట్లో జరిగింది. భర్తకు జ్వరమని కబురు రాగానే, వద్దన్నవాళ్ళ మాట కాదని బిడ్డతో వచ్చేసింది.

"దగ్గరికి రావద్దప్పా, అంటుకుంటాది," అంది చెన్నమ్మ.

"ఆడనే నిలబడు," అన్నాడు నరసింహప్ప. గొంతు సరిగా పెగలడం లేదు. "వీడు నా కొడుకు పిళ్ళప్పా. మునినారాయణ. మా వరసలో చేర్చు. మళ్ళా నువ్వొచ్చేతలికి నేనుండను."

కొడుకు పుట్టినప్పుడు హెళవ చేత పేరు చేర్పించడం ఆ ఇళ్ళలో వేడుక. తండ్రి బట్ట పెట్టాలి, బంధువులంతా ఒక పంక్తిలో భోంచేయాలి. ఆ రోజు బట్టా లేదు, బంధువూ లేడు. నరసింహప్ప నోట్లో గంజి కూడా దిగలేదు. రెండు పొలాల అవతల గుడిసెలో ఉన్న అన్న బైరప్ప భయంతో ఇటు తొంగిచూడలేదు. పిళ్ళప్ప ఎద్దు పక్కన నిలబడి మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి ఆ బిడ్డ దాకా చెప్పాడు. "ఊఁ" అన్నది చెన్నమ్మ ఒక్కతే. ఆ వారంలోనే నరసింహప్ప పోయాడు. చెన్నమ్మ బిడ్డను చంకనేసుకుని బట్లహళ్ళికి తిరిగి వెళ్ళింది. మిట్టేమరివాళ్ళు ఆ పిల్లవాడి ముఖం చూసిందే లేదు.

విందు లేకుండా చేరిన పేరు దిక్కులేనివాడి పేరు కింద లెక్క. పిళ్ళప్పకు అది మింగుడు పడలేదు. మరుసటి ఊళ్ళో వాళ్ళ దాయాదుల ఇంటి ముందు అదే వంశం చెబుతూ, కొత్త పేరు దగ్గరికి రాగానే అతడి నాలుక తనంతట తానే ఒక విందు వడ్డించింది. వరి అన్నం, ఒబ్బట్లు, వాకిలి నిండా భోజనాల బంతులు. పేరును తాను తాకలేదనీ, చలిలో ఉన్న బిడ్డకు గుడ్డ కప్పానంతే అనీ అనుకున్నాడు. ఆ తరువాత ఎక్కడ చెప్పినా ఆ విందు ఉండేది.

ప్లేగు సద్దుమణిగి జనం ఇళ్ళు చేరాక, బైరప్ప అరుగు మీద మాత్రం ఆ పేరు చెల్లలేదు.

"నా తమ్మునికి పిల్లల్లేరు. ఆ పేరు తీసేయి," అన్నాడు బైరప్ప.

"తీసేదానికి అది నాది కాదప్పా."

"పులులు నీవి, ఆవులు నీవి, పేరొకటి నీది కాదా? లేయి, లేయి. నీ ఎద్దుని తోలుకో."

పిళ్ళప్ప గింజ తీసుకోకుండా లేచాడు. ఆ అరుగు అతడికి మూతపడింది.

బైరప్ప ఉద్దేశం పిల్లవాడికి ఏడేళ్ళు వచ్చాక, యుద్ధం మొదలైన ఏడాది బయటపడింది. కొడుకు భాగం అడగడానికి వచ్చిన చెన్నమ్మను అతడు గడప తొక్కనివ్వలేదు. ఆ పిల్లవాడు తమ్ముడి కొడుకు కాడనీ, చనిపోయిన ఆమె అక్క కొడుకనీ, భూమి కోసం తెచ్చి నిలబెట్టిందనీ ఊరంతా చాటాడు. కాదని చెప్పగల కాగితం లేదు. ఊళ్ళో చావుపుట్టుకలు రాయించే పటేలు బైరప్పే. పుట్టింటివాళ్ళు చెబితే పుట్టింటివాళ్ళు కాబట్టి చెబుతున్నారంటారు. తండ్రి నోట "వీడు నా కొడుకు" అన్న మాట విన్న పరాయివాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. మైనరు కొడుకు తరఫున చెన్నమ్మ మునసబు కోర్టులో దావా వేసింది. పిళ్ళప్ప సాక్షి.

తన సాక్ష్యం ముగిసిన సాయంత్రం, అతడి వంతుకు ముందు, ఆమె అతడిని వెతుక్కుంటూ వచ్చింది.

"జరిగింది జరిగినట్ల చెప్పప్పా. ఆ పొద్దు వాన లేదు. వాన కూడా కలపొద్దు."

"పేరు జోలికి నేనెప్పుడన్నా పోతినా తల్లీ?"

"పేరు కాదప్పా నేను చెప్తాండేది. మిగతాది. నన్నూ అడిగిరి, గుడిసెలో ముగ్గురమే ఉంటిమని చెప్పినాను. నువ్వూ అంతే చెప్పు. నా బిడ్డకి నీ నోరు తప్ప ఇంకేమీ లేదు."

"అట్లనే," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

బోనులో నిలబడి సత్యం చేశాక, చెన్నమ్మ వకీలు అడిగినదానికి అతడు మాట ఇచ్చినట్టే జవాబు చెప్పాడు. చూశాను, తండ్రి చెప్పాడు, పేరు చేర్చాను. మూడు ముక్కల్లో అయిపోయింది. ఎదురుగా ఎవరూ తల ఊపలేదు. కలం గీసుకుంటున్న చప్పుడు తప్ప మరేదీ లేదు. మునసబు ముఖం ఎత్తలేదు. ఒక వంశం మొత్తం నిలిచే మాట అలా బోసిగా, చప్పగా నేల మీద పడి ఉండడం పిళ్ళప్పకు అవమానంగా తోచింది. నమ్మలేదేమోనని భయం కూడా పుట్టింది.

అప్పుడు బైరప్ప వకీలు ఆదిశేష లేచాడు. నెమ్మది మనిషి. గద్దిస్తాడనుకుంటే, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా నవ్వాడు.

"హెళవ చేత పేరు చేర్పించేది మీలో గొప్ప వేడుక అంటారే పిళ్ళప్పా. నాకి తెలియదు, రొంత చెప్పు."

"గొప్పదే సామీ."

"ఊఁ."

ఆ కోర్టులో పిళ్ళప్పకు వినిపించిన మొదటి ఊకొట్టు అది. ఎండిన గొంతులో నీళ్ళు పడ్డట్టయింది.

"తండ్రి బట్ట పెట్టేది, బంధువులు వచ్చేది..."

"ఊఁ. ఈ బిడ్డకీ పెట్టినారా?"

"పెట్టక! జరీ అంచు పంచె. ఎంత వంశం సామీ, ఉత్తచేతులతో చేర్పిస్తారా?"

"ఊఁ, ఊఁ. భోజనాలు?"

"వరి అన్నం, ఒబ్బట్లు, నెయ్యి. వాకిట్లో బంతులు లేస్తాండాయి, కూర్చుంటాండాయి. ఊరంతా తినె."

చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అతడికి కనిపించింది. అర్థం కాలేదు. అరుగుల ముందు చెప్పేది మంచి ఊపులో ఉన్నప్పుడు ఆడవాళ్ళు అలాగే కొంగు అడ్డం పెట్టుకునేవారు.

"బాగా చెప్తాండావప్పా," అన్నాడు ఆదిశేష. "ఇది యా మాసం?"

పిళ్ళప్ప మాసం చెప్పాడు.

"ఆ మాసంలో మిట్టేమరి ఖాళీ. జనం ప్లేగు గుడిసెల్లో ఉండిరి. నీ పక్షం ఆమే నిన్న ఇదే బోనులో చెప్పె, గుడిసెలో ముగ్గురమే అని. ఒబ్బట్లు ఎవరు చేసిరి పిళ్ళప్పా? ఎలుకలా?"

కోర్టు నవ్వింది.

"విందు... విందు నేను కలిపితి సామీ. బిడ్డ పేరు బోసిగా ఉండకూడదని. పంచె కూడా కలిపితి. బిడ్డ మాత్రం నిజం. తండ్రి మాట నిజం."

"విందు కలిపినవాడు బిడ్డను కలపలేదని మాకి తెలిసేది ఎట్ల?"

న్యాయశాస్త్రం ప్రకారం ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిళ్ళప్ప దగ్గర దానికి జవాబు ఉంది: పేర్లు దేవుడి సొత్తు, మిగిలింది చెప్పేవాడి సొత్తు. అది చెప్పాడు కూడా. ఏ మాట ఎవరి సొత్తో గుర్తు ఏమిటని ఆదిశేష అడిగాడు. తాతముత్తాతల కాలం నుంచి వినేవాళ్ళెవరూ ఆ గుర్తు అడగలేదు, చెప్పేవాళ్ళెవరూ పెట్టలేదు.

దావా కొట్టివేశారు. సాక్షి వృత్తిరీత్యా కల్పనలు చేసేవాడనీ, వాది తల్లి సాక్ష్యానికీ ఇతడి సాక్ష్యానికీ పొంతన లేదనీ, ఆ పిల్లవాడు నరసింహప్ప కొడుకని రుజువు కాలేదనీ తీర్పు. చెన్నమ్మ చెప్పినదంతా నిజం. పిళ్ళప్ప చూసినదంతా నిజం. ఆ రెండు నిజాలూ ఒకదాన్నొకటి పడగొట్టాయి.

కోర్టు మెట్ల దగ్గర ఆమె అతడికోసం ఆగింది. అతడు తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చాడు.

"యాలప్పా ఒబ్బట్లు పెట్టినావు?" అని మాత్రం అడిగింది. "ఆ పొద్దు ఆయన నోట్లో గంజి పోస్తే పక్కకి కారిపాయె. నా కండ్లతో చూసినాను. అది చెప్పింటే చాలదా?"

"అది చెప్తే మీ ఇంటికి చిన్నతనమని..."

"మా ఇల్లు యాడుందప్పా ఇప్పుడు?"

ఆ తరువాత చెన్నమ్మ శిడ్లఘట్ట చేరింది. పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలోంచి దారం తీసే పనికి కుదిరింది. మునినారాయణ ఆమె పక్కనే పొయ్యిలోకి పుల్లలు తోసే పనికి కుదిరాడు. బడి మానేశాడు. ఆ పిల్లవాడిని తండ్రి పేరుతో ఎవరూ పిలవలేదు. చెన్నమ్మ కొడుకు అనేవారు.

పంటలు ఇల్లు చేరాక బైరప్ప మనిషిని పంపి పిళ్ళప్పను పిలిపించాడు. గెలిచిన ఏడు తన వంశం ఊరంతా వినాలని అతడి కోరిక. పిళ్ళప్ప వెళ్ళాడు. బయలుదేరేటప్పుడు అతడి భార్య, వంశం చెప్పేచోట పులులు మరిచిపోవద్దని హెచ్చరించి పంపింది.

అరుగు ముందు నిలబడి మొదలుపెట్టాడు. జ్వరంతో పోయినవాడిని జ్వరంతోనే పోనిచ్చాడు. తాగి బావిలో పడినవాడిని తాగి పడనిచ్చాడు. అరుగు మీద చిన్నగా గొణుగుడు లేచింది. నరసింహప్ప దగ్గరికి వచ్చాడు. చంకలో గడ్డ, చాప, దిగని గంజి, రెండు పొలాల అవతల నుంచి రాని అన్న. "అతని కొడుకు మునినారాయణ," అన్నాడు బైరప్ప కళ్ళలోకి చూస్తూ. "పేరు చేర్చిన పొద్దు విందు లేదు. బట్ట లేదు. నేనుంటి, తల్లి ఉండె."

బైరప్ప కొడతాడనుకున్నాడు. కొట్టి ఉంటే ఆ దెబ్బ ఆ మాటకు సాక్ష్యంగా మిగిలేది.

"కోర్టులో ఒబ్బట్లు పెట్టితివి, ఈడ గంజి కూడా లేదంటాండావే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అరుగంతా విరగబడి నవ్వింది. బైరప్ప కూడా కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ముందరిదానికంటే ఇదే బాగుండాది పిళ్ళప్పా," అన్నాడు పంచె కొసతో ముఖం తుడుచుకుంటూ. "ఆ గంజి కతకి గుండె పిండినట్లాయె. ఆడోళ్ళని పిలుస్తాను, రొంత పెంచి చెప్పు."

"పెంచేదానికి ఏమీ లేదప్పా. ఇంతే జరిగింది."

"సరే, ఇంతే చెప్పు."

ఆడవాళ్ళు వచ్చి తలుపు వారన కూర్చున్నారు. ఒక్కరైనా నమ్ముతారేమోనని పిళ్ళప్ప మళ్ళీ చెప్పాడు, ఒక్క మాట చేర్చకుండా, ఒక్క మాట తీయకుండా. వాళ్ళు ముక్కులు చీదుకుంటూ విన్నారు. చెప్పడం అయ్యాక లోపలికి వెళ్ళి రాగులు తెచ్చి అతడి గుడ్డలో పోశారు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడని ఒక్కరూ అడగలేదు.