నోరు లేనివాళ్ళకు గాలి లేదు

“ఏదో ఒకరోజు వీళ్ళలో ఒకడి హ్యాండిల్ పాప సీటుకు తగులుతుంది. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు.”

ఈ మాట మా ఆయనతో వరసగా నాలుగు రోజులు అన్నాను. ఐదో రోజు ఆయన, “అయితే ఉత్తరం రాయి. నాకు చెబితే నేనేం చెయ్యను, వెళ్ళి రోడ్డుకు అడ్డంగా పడుకోనా?” అన్నాడు.

రాశాను.

పాపకు అప్పుడు మూడేళ్ళు. నేను నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తాను. ఉదయం పాపను సైకిల్ వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు రెండుసార్లు లాగి చూసి, కాలువ గట్టు రోడ్డు మీదుగా క్రెష్‌లో దింపి ల్యాబుకు వెళ్ళేదాన్ని. సరిగ్గా అదే వేళకు అదే రోడ్డు మీద ఒక పందేల జట్టు సాధన చేసేది. సైకిల్ తొక్కడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు. ఎనిమిది మంది, ఒకరి వెనక ఒకరు, చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు ఎడం. బెల్లు ఉండదు, మాట ఉండదు. వెనకనుంచి నూనె మరిగినట్టు ఒక సన్నటి చప్పుడు వస్తుంది. అది ఏమిటని తిరిగి చూసేలోపు మోచేతి పక్కనుంచి ఎనిమిది వీపులు వెళ్ళిపోతాయి.

లెక్క వేశాను. వాళ్ళ వేగంలోంచి నా వేగం తీసేస్తే సెకనుకు ఆరున్నర మీటర్ల పైచిలుకు. గుంపంతా నన్ను దాటడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఆ మూడు సెకన్లలో వాళ్ళలో ఒకడి సైకిల్ ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు. ఈ అంకెలన్నీ వేసి, ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా పందెం సైకిళ్ళను ఆ రోడ్డు మీద నిషేధించాలని నగర కార్యాలయానికి ఉత్తరం తయారు చేశాను. గట్టు వెంబడి ఉండేవాళ్ళ సంతకాలు కావాలి. దాదాపు అందరూ పెట్టారు. మలుపు దగ్గరి సైకిల్ షాపు ఒక్కటి మిగిలింది.

ఆ షాపు తలుపు పక్కన నల్ల పలక మీద సుద్దతో ‘నోరు లేనివాళ్ళకు గాలి లేదు’ అని రాసి ఉండేది. అడగకుండా పంపు తీసుకోవద్దని కాబోలు అనుకునేదాన్ని.

షాపాయనకు అరవై దగ్గర పడ్డాయి. బక్క మనిషి. పిక్కలు మాత్రం వేరే మనిషివి తెచ్చి అతికించినట్టుంటాయి. అందరూ నీళ్ళ మామ అంటారు. పదిహేడో ఏట పందేల జట్టులో చేరి, పదకొండేళ్ళు తొక్కాడు. అందులో గెలవడం అనేది ఆయన పని కాదు. వెనక వచ్చే జట్టు కారు దాకా జారి, చొక్కాలో వీపు మీదా పొట్ట మీదా తొమ్మిది నీళ్ళ సీసాలు కుక్కుకుని, మళ్ళీ గుంపును అందుకుని అందరికీ పంచడం ఆయన పని. ఒక్కసారి నాలుగో స్థానంలో వచ్చాడట. ఆ రోజు ముందున్న ముగ్గురికీ దాహం వెయ్యలేదని వాళ్ళ అక్క చెబుతుంది.

నేను వెళ్ళేసరికి ఆయన ఒక చక్రాన్ని స్టాండుకు బిగించి తిప్పుతూ, ఎక్కడ వంకర కొడుతుందో చూసి అక్కడి స్పోకును పావు మలుపు బిగిస్తున్నాడు. కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు వాళ్ళ అక్క కూర్చుని ఒక సీటు కవరు కుడుతోంది. ఉత్తరాన్ని నూనె అంటకుండా అంచులు పట్టుకుని మొత్తం చదివాడు.

“లెక్కలు నువ్వే వేశావా అమ్మాయ్?”

“అవునండి.”

“బాగున్నాయి. మా కోచ్ కూడా ఇంత శుభ్రంగా వెయ్యలేదు ఎప్పుడూ.” కాగితం తిరిగి ఇచ్చాడు. “రేపు ఆదివారమేగా. పొద్దున్నే ఒకసారి నాతో తొక్కు. పాపను తీసుకురాకు. ఆ తర్వాత సంతకం సంగతి చూద్దాం.”

“వాడు పెట్టడు తల్లీ” అంది వాళ్ళ అక్క తల ఎత్తకుండా. “ఉత్తరాలతో బాగుపడే మనిషైతే వీడి మీద నేను ఎప్పుడో ఒకటి రాసేదాన్ని.”

“నువ్వు రాస్తే ఎవరు చదవగలరే?”

“నీ మొహం. కుడిచెయ్యి ఇలా చేసింది ఎవడు మరి?”

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇద్దరూ నవ్వుతున్నారు గనక నేనూ కొంచెం నవ్వాను.

మర్నాడు ఆయన ముందు, నేను వెనక. కొత్త మనిషి వెనక తొక్కడం కదా, ఆయన ఎక్కడ బ్రేకు వేస్తాడోనని కళ్ళు ఆయన వెనక చక్రానికే అంటించాను. అర కిలోమీటరు వెళ్ళాక ఒక ముసలాయన రోడ్డు అంచున నడుస్తున్నాడు. నీళ్ళ మామ ఏదో గట్టిగా అని, వెడల్పుగా తిరిగి దాటాడు. చక్రం అటు పోయిందని నేనూ అటు పోయాను, కానీ ఆలస్యంగా, ఇంకాస్త దగ్గరగా. ముసలాయన ఉలిక్కిపడి గడ్డిలోకి ఒక అడుగు వేసి, నా వీపు వెనక ఏదో తిట్టాడు.

నీళ్ళ మామ ఆగాడు. నేనూ ఆగాను.

“ఆయన్ని చూశావా?”

“చూశానండి… అంటే, దగ్గరికి వచ్చాక చూశాను.”

“ఏమన్నా చెప్పావా ఆయనతో?”

చెప్పలేదు.

“సరే పద” అన్నాడు.

తిరిగి వస్తుండగా వెనకనుంచి ఆ నూనె చప్పుడు వినిపించింది. అలవాటు కొద్దీ తల తిప్పి చూశాను. మళ్ళీ ముందుకు చూసేసరికి నా సైకిల్ రోడ్డు మధ్య వైపు రెండు అడుగులు జరిగి ఉంది. గుంపు నన్ను రాసుకుంటూ వెళ్ళిపోయింది. అందులో ఎవరో నన్ను కూడా ఏదో అన్నారు. నా ఉత్తరంలో ‘ఒక్క అడుగు జరిగితే చాలు’ అని రాసుకున్న అడుగు వాళ్ళది కాదు, నాది. తల ఎటు తిరిగితే భుజం అటు, భుజం ఎటు తిరిగితే హ్యాండిల్ అటు. చిన్న భౌతికశాస్త్రమే. ఇన్నాళ్ళూ పాపను వెనక పెట్టుకుని రోజూ అదే చేస్తున్నాను.

షాపుకు చేరి సైకిల్ గోడకు ఆనించాను. వాళ్ళ అక్క వేడి టీ గ్లాసు నా చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు చూశాను, ఆమె కుడి మణికట్టు సగం దాకానే తిరుగుతుంది. మిగతా సగానికి మోచెయ్యి ఎత్తుతుంది.

“చెప్పరా” అంది తమ్ముడితో. “అమ్మాయికి ఆ మాత్రం తెలియాలి.”

ఆయన చెప్పాడు. ముప్ఫై రెండేళ్ళ కిందటి మాట. ఇదే రోడ్డు. ఎనిమిది మంది వరుసలో ఆయన ఆఖరివాడు. ముందు తొక్కేవాడికి కొంత దూరంలో ఒక ఆడమనిషి అదే వైపు సైకిల్ మీద వెళుతూ కనిపించింది. అతను చెయ్యి వీపు వెనక పెట్టి ఊపాడు. అడ్డం ఉంది, పక్కకు జరగండి అని అర్థం. రెండోవాడు మూడోవాడికి, మూడోవాడు నాలుగోవాడికి, అలా ఆ సైగ ఆయన దాకా వచ్చింది. ఆయన జరిగాడు. తల ఎత్తలేదు, కళ్ళు ముందున్న చక్రం మీదే ఉన్నాయి.

“మా సైగలన్నీ మాకే అమ్మాయ్. గుంట ఉంటే వేలు కిందికి, ఆగాలంటే చెయ్యి పైకి, ముందుకు రమ్మంటే మోచెయ్యి. ఎనిమిది మందికీ అర్థమైంది. ఎవరికి అర్థం కావాలో ఆ మనిషికి తప్ప. ఆమెకు వెనక కళ్ళు లేవుగా?”

మొదటి సైకిల్ దాటినప్పుడు ఆమె బెదిరింది. నాలుగోది దాటేసరికి హ్యాండిల్ వంకర తిరిగింది. ఎనిమిదోది దాటేటప్పుడు పడిపోతోంది.

“పడిపోతూ వీణ్ణి చూశాను” అంది అక్క. “ఆ వీపు నేను పెంచిన వీపు, తెలియదూ? చిన్నోడా అని అరిచాను.”

“వినపడలేదు.”

“గాలి హోరు. అంతే, వాడి తప్పేం లేదు అందులో.” మణికట్టు నిమురుకుని, “ఉంది, లేకేం” అంది.

ఆయన ఆ రోజు ఇంకో నాలుగు గంటలు తొక్కి ఇంటికి వెళ్ళాడు. అక్క చేతికి పిండికట్టు. వాళ్ళ అమ్మ ఆమెకు కలిపి తినిపిస్తోంది. ‘ఎవరో సైకిల్ వాళ్ళటరా, నోట్లో నాలుక లేని వెధవలు’ అని అమ్మ తిట్టింది. అక్క అన్నం మింగి, ‘ఎవరో కాదమ్మా’ అంది.

ఆమె టైలరింగ్ షాపులో కాలర్లు కత్తిరించేది. ఆ ఊళ్ళో కాలరంటే ఆమెదే అనేవారట. కట్టు విప్పాక మణికట్టు సగమే తిరిగింది. కత్తెర పెద్దదైనా చిన్నదైనా వంపు దగ్గర ఆగిపోయేది. అప్పటినుంచి తిన్నని కుట్లు మాత్రమే కుడుతుంది. సైకిల్ మళ్ళీ ఎక్కలేదు.

“నడుస్తాను. నడవడానికి ఎవరి వెనకా ఎవరూ ఉండక్కర్లేదు” అంది.

“మీరు తొక్కడం మానేశారా?” అని ఆయన్ని అడిగాను.

“లేదమ్మాయ్. ఇంకా రెండేళ్ళు తొక్కాను. అది నా అన్నం. కాకపోతే ఎవర్ని దాటినా వెనకనుంచి కేక పెట్టేవాణ్ణి. జట్టులో నోటిబెల్లు అని పేరు పెట్టి ఏడిపించారు. ఆ తర్వాత షాపు పెట్టి, ఆ పలక రాశాను. ఇక్కడికి గాలికొచ్చే ప్రతి జట్టుకూ కేక పెట్టి దాటమని చెప్పి పంపేవాణ్ణి.”

“ఈ ఏడాది జట్టు కొత్తది” అంది అక్క. “వాళ్ళకు వ్యానులోనే గాలుంది. వీడేమో వాళ్ళు రాకపోతారా అని పలక మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు. కాలు కింద పెట్టి వెళ్ళి చెప్పొచ్చుగా? చెప్పడు. ఈయనగారి దగ్గరికి వాళ్ళే రావాలి. నువ్వేమో ఉత్తరం పట్టుకుని తిరుగుతున్నావు.”

ఆయన స్టాండు మీది చక్రాన్ని వేలితో తిప్పాడు. అక్క నా వైపు తిరిగింది.

“నిషేధం అని మాత్రం రాయకు తల్లీ. ఇక్కడ వద్దంటే ఇంకో రోడ్డుకు పోతారు. ఆ రోడ్డు మీద ఇంకెవరి అక్కో ఉంటుంది.”

దానికి నా దగ్గర లెక్క లేదు. ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టాను.

గుంపు రోడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చే వేళ అయింది. నీళ్ళ మామ లేచి, మూలనున్న పాత సీసాలో నీళ్ళు నింపి, రోడ్డు అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. సీసా మెడను రెండు వేళ్ళతో పట్టుకుని చెయ్యి చాచాడు. ఎందుకో నాకు తెలియలేదు. తర్వాత చెప్పాడు, పందెంలో తొక్కేవాళ్ళకు సీసా అలాగే అందిస్తారట. ఆ పట్టు కనిపిస్తే, ఆకలి వేసినప్పుడు అన్నం వైపు పోయినట్టు, వాళ్ళ చెయ్యి దానంతటదే పోతుందట.

అలాగే అయింది. ముందు తొక్కుతున్న అమ్మాయి చెయ్యి చాచి సీసా అందుకుంది. పది గజాలు పోయాక వెనక్కి చూసి, చెయ్యి పైకెత్తింది. ఎనిమిది సైకిళ్ళూ ఒక్కసారిగా ఆగాయి. ఆమె జట్టు కెప్టెన్. పాతికేళ్ళుంటాయి.

“మీరు జట్టు మనిషా పెద్దాయనా?”

“పదకొండేళ్ళు. ఇదిగో, ఈ అమ్మాయిని ఇందాక దాటారు. చూశారా?”

“ఆమే అడ్డం వచ్చింది” అన్నాడు వెనక ఒకతను. “తిన్నగా తొక్కడం రానివాళ్ళు ఈ టైములో రోడ్డెక్కడం దేనికి?”

“ఏంటి నాయనా, రోడ్డు మీ మామగారు రాసిచ్చాడా?” అంది కిటికీలోంచి అక్క. మిగతా ఏడుగురూ నవ్వారు. అతను హెల్మెట్ సర్దుకున్నాడు.

అప్పుడు నేనే అన్నాను. “అడ్డం వచ్చిన మాట నిజమే. మీ చప్పుడు విని వెనక్కి చూస్తాను. చూస్తే పక్కకు జరుగుతాను. మీరు ముందే ఒక మాట చెబితే చూడాల్సిన అవసరం ఉండదు. వారంలో ఐదు రోజులు నా వెనక సీట్లో మూడేళ్ళ పాప ఉంటుంది.”

కెప్టెన్ నా సైకిల్ వెనకనున్న ఖాళీ సీటును చూసింది. పైకీ కిందికీ చూసి, బెల్టు పట్టుకుని ఒకసారి లాగింది. నేను రోజూ లాగినట్టే.

“ఎంత దూరంలో చెబితే సరిపోతుంది?” అని నన్నే అడిగింది.

దీనికి లెక్క ఉంది. “ముప్ఫై మీటర్లు. నాకు నాలుగు సెకన్లు దొరుకుతాయి.”

“ఎంత మందో కూడా చెప్పాలి” అన్నాడు నీళ్ళ మామ. “లేకపోతే మొదటివాడు దాటగానే అయిపోయిందనుకుంటారు. ఆఖరివాడు ఆఖరని చెప్పాలి.” ఆ మాట అన్నప్పుడు ఆయన అక్క వైపు చూడలేదు. అక్క దారం కొరికి, కుట్టు మిషను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

సోమవారం పాపతో వెళుతుంటే వెనకనుంచి కేక వినపడింది. “కుడి పక్కన, ఎనిమిది మంది!” మెడ తిప్పకుండా ఉండటానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది. రోడ్డు అంచున తెల్లగీతను చూస్తూ తిన్నగా తొక్కాను. ఎనిమిదోవాడు, ఆ హెల్మెట్ సర్దుకున్న మనిషే, “ఆఖరు” అన్నాడు, కొంచెం సణుగుతున్నట్టు. వారం తిరిగేసరికి పాప వెనక సీట్లోంచి వాళ్ళకంటే ముందే “ఆఖలూ!” అని అరవడం నేర్చుకుంది. ఆ తర్వాత అతను కూడా గట్టిగానే అన్నాడు.

అంతమాత్రాన నా భయం పోలేదు. బెల్టు రెండుసార్లు లాగుతూనే ఉన్నాను, సీటు చిన్నదైపోయేదాకా.

ఈ ఏడాది పాపకు ఆరేళ్ళు. సొంత సైకిల్ తొక్కుతోంది. మొదటి రోజు చక్రాలకు గాలి పట్టించడానికి షాపుకు వెళ్ళాం. పాప పలక చదివి, “గాలి కావాలి మామా!” అని గట్టిగా అడిగింది. నీళ్ళ మామ గాలి కొట్టి, రెండు చక్రాలూ వేలితో నొక్కి చూసి, సైకిల్ పాపకు ఇచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

“నువ్వు వెనక ఉంటావుగా?”

“ఉంటానండి.”

“దాని చక్రం చూడకు. చక్రాన్ని చూస్తూ పోతే అది పడ్డాకే నీకు తెలుస్తుంది. దాని భుజం మీదుగా ముందు రోడ్డు చూడు. వెనక ఉన్నానని మధ్య మధ్య నోటితో చెప్పు. అది మాత్రం నీకోసం వెనక్కి తిరగకూడదు.”

ఉదయం ఏడున్నరకు కాలువ గట్టు రోడ్డు మీద పాప ముందు, నేను వెనక. ఆ చిన్న చక్రం వణుకుతూ ఉంటుంది. దాన్ని చూడను. భుజం మీదుగా రోడ్డు చూస్తాను. ఇరవై పెడళ్ళకు ఒకసారి “వెనకే ఉన్నా” అంటాను.