కట్టె మీది సుద్ద మరకలు

“నువ్వు పసుపు దంచేటందుకొచ్చినవ్ అవ్వా, దంచుకో. గీ ఆట సంగతి నీకేం ఎరుక?”

“ఎరుక లేదు సారూ. గందుకే కూసొని సూస్తున్న. ఎరుకున్నోనివి నువ్వేమో బంతెంబడి ఉరుకుతున్నవ్. కట్టె దిక్కు ఒక్కపారన్న సూసినవా?”

“కట్టెల ఏముంటదవ్వా? బంతి గోడ దాటిందా లేదా, గంతే లెక్క.”

“గోడ దాటిన బంతి నీకేం పనికొస్తది? ద్రాక్షతోట కావలోనికి పనికొస్తది.”

నా చిన్నప్పుడు మా బడి మైదానంలో డ్రిల్లు సారుకూ మా అవ్వకూ జరిగిన తగువు ఇది. అప్పుడు నాకు పదకొండేళ్ళు, ఏడో తరగతి. చిన్న వయసులోనే పెళ్ళయి, చిన్న వయసులోనే అమ్మమ్మనయిన దాన్ని కాబట్టి ఇది మరీ పాత కాలం ముచ్చట కాదు, తొంభైల నాటిది. మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. అప్పటికి మా వైపు ద్రాక్షతోటలూ కోళ్ళఫారాలే గానీ, ప్లాట్ల హద్దురాళ్ళు ఇంకా పాతలేదు.

ఆ ఏడు మా బడికి కొత్త ఆట వచ్చింది. సాఫ్ట్‌బాల్ అంటారు. క్రికెట్ లాగే ఒకరు బంతి విసరాలి, ఒకరు కొట్టాలి. కానీ కొట్టే కట్టె బల్లలా చదునుగా ఉండదు, రోకలిలా గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి కట్టెతో గుండ్రటి బంతిని సరిగ్గా తగిలించడం ఎంత కష్టమో పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. అమెరికాలో బేస్‌బాల్ అని ఇలాంటిదే ఆడతారని సారు చెప్పాడు. ఏడో తరగతి ఆడపిల్లలతో జట్టు కడితే పదో తరగతి దాకా అదే జట్టు ఉంటుందన్నాడు. జట్టుకు తొమ్మిదిమంది. ఎనిమిదిమందిని ఏరాడు. ఒక్క చోటు మిగిలింది. దానికి నేనూ, కోళ్ళఫారం పిల్లా మిగిలాం.

ఆ పిల్లది నా తరగతే. వాళ్ళమ్మ ఫారంలో గుడ్లు ఏరే పనికి పోయేది, అందుకని అందరం అలాగే పిలిచేవాళ్ళం. పొట్టిది, చేతులు పుల్లల్లా ఉండేవి. నేను అప్పటికే తొమ్మిదో తరగతి పిల్లంత ఎత్తు. జట్టులో చోటు దొరికినవాళ్ళకు తెల్లబూట్లు ఇస్తారని, జిల్లా ఆటలకు బస్సులో తీసుకుపోతారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా ఇంట్లో చెప్పు తెగితే గోనెసంచి సూదితో కుట్టి మళ్ళీ తొడిగించేవాళ్ళు. తెల్లబూట్లు నాకు ఆ దారిన తప్ప వేరే దారిన రావని నాకు బాగా తెలుసు.

సారు మా ఇద్దరికీ పదేసి బంతులు వేశాడు. నేను రెండింటిని గోడ అవతలి ద్రాక్షతోటలోకి పంపాను. మిగతా ఎనిమిదీ కట్టెకు తగలకుండానే పోయాయి గానీ, వాటిని ఎవరు చూశారు? పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. కోళ్ళఫారం పిల్లకు ఏడు బంతులు తగిలాయి. ఏడూ నేల మీద దొర్లుకుంటూ సారు కాళ్ళ దగ్గరికే వచ్చాయి. సారు కాగితం మీద నా పేరు రాయబోయాడు.

మా అవ్వ అక్కడ ఎందుకు ఉందంటే, సారు చెల్లెలి పెళ్ళి. సారు అద్దెకున్న ఇల్లు మైదానం పక్కనే, నడుమ గోడ లేదు. పెళ్ళిళ్ళకు పసుపూ కారమూ దంచే ఆడవాళ్ళకు మా అవ్వే పెద్ద. కొత్తగా ఎవరైనా పనికొస్తే ఒక పూట దంచనిచ్చి, తరువాత లేచి వెళ్ళి రోటి అంచు తడిమి చూసేది. రోకలి చివరి ఇనుప పొన్ను అంచుకు తగిలితే గీత పడుతుంది. గీతలు ఎక్కువుంటే ఆ మనిషి ఎంత గట్టిదైనా ఇంటికి పంపేసేది. రోకలి ఎంత ఎత్తుకు లేచిందో, చప్పుడు ఎంత దూరం వినిపించిందో ఆమెకు పట్టదు.

ఆ రోజు కూడా రోలు వదిలి మైదానంలోకి వచ్చి సారుతో తగువు పెట్టుకుంది. నా తరఫున మాట్లాడుతుందనుకుని నేను మురిసిపోయాను.

అవ్వ తరగతి గదిలోకి పోయి, పంతుళ్ళు పారేసిన సుద్దముక్కలన్నీ కొంగులో ఏరుకొచ్చింది. రాతితో నూరి, నీళ్ళు చల్లి, ఆ తడి సుద్దను బంతికి పూసింది. కట్టెకు నల్లరంగు వేసి ఉంది. దాన్ని శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చింది. “ఇగ వెయ్ సారూ. బంతికి బంతికి నేను సుద్ద వూస్త. బంతి ఏడ వడ్డదో సూడకు, కట్టె మీద ఏడ తాకిందో సూడు.”

మళ్ళీ పది బంతులు. ఈసారి నాకు మూడు తగిలాయి, ఒకటి గోడ దాటింది కూడా. అవ్వ కట్టె అడ్డంగా పట్టుకుని సారుకు చూపించింది. ఒక మరక పిడికిలి పక్కన, ఒకటి కట్టె కొనకు, ఒకటి అడుగు వైపున. మూడు మరకలు, మూడు చోట్లు.

కట్టె తుడిచి కోళ్ళఫారం పిల్లకిచ్చారు. ఆమె బంతులు ఈసారీ సారు కాళ్ళను దాటలేదు. కట్టె చూస్తే మాత్రం, లావుగా ఉన్న చోట నాలుగు వేళ్ళ మేర తెల్లగా ముద్ద కట్టి ఉంది. ఒక మరక మీద ఒకటి పడి ఎన్నో లెక్క తెలియలేదు. అది గాక చెడ్డగా వచ్చిన రెండు బంతులను ఆమె అసలు ముట్టుకోలేదు. నేనైతే నాకొచ్చిన అలాంటి వాటికీ కట్టె ఊపాను.

సారు ఆ తెలుపు మీద వేళ్ళు పెట్టి కొలుచుకున్నాడు. కానీ జల్దీ ఒప్పుకునే మనిషి కాదు. “గురి ఉన్నది, ఒప్పుకుంట. బలం యాడికెల్లి తేవాలె అవ్వా? గీ పిల్ల కొడితే బంతి చీమ నడిసినట్టు నడుస్తాంది.”

“నువ్వు రేపటికి ఏరుతున్నవా, మూడేండ్లకు ఏరుతున్నవా? గది చెప్పు ముందుగాల. రేపటికైతే నా మనుమరాల్ని పెట్టుకో. మూడేండ్లకైతే గీ పిల్లకు పూటకో గుడ్డు పెట్టు, బలం అదే వస్తది. ఫారం పిల్లకు గుడ్లకేం కరువు?”

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. నా పేరు రాయకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేరు పొద్దున బోర్డు మీద రాస్తానన్నాడు. నాకు అప్పటికే అర్థమైంది.

ఇంటి దాకా అవ్వకు పదడుగుల ముందే నడిచాను. గడప దగ్గర ఏడుపు ఆగక అడిగేశాను, “నేను నీ మనుమరాలిని కాదా అవ్వా?”

“అవ్. గందుకే బయటోల్లు చెప్పకముందే నేను చెప్పిన. నీకు రాదన్ననా? ఇంక రాలేదన్న. బలముందని అందరు సప్పట్లు కొడ్తుంటే నువ్వు నేర్సుకునేదెప్పుడే?”

ఆ మాటకు అప్పుడు నా ఏడుపు తగ్గలేదు, పెరిగింది. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. బూట్లు ఎన్నడూ రాలేదు. కోళ్ళఫారం పిల్ల మొదటి ఏడు ఎక్కువ ఆటల్లో అందరికన్నా ఆఖరున కొట్టేదట. పదో తరగతికి వచ్చేసరికి జట్టులో మొదట కొట్టేది ఆమే అయింది. అంతకన్నా గొప్ప కథ ఏమీ లేదు.

ఇప్పుడు కండ్లకోయ కాలేజీల దగ్గర నాకు టిఫిన్ బండి ఉంది. దోసెలు పోయడానికి కొత్త మనిషి వస్తే మొదటి దోసె ఎంత వెడల్పు వచ్చిందో చూడను. పెనం బయట పిండి ఎంత చిందిందో చూస్తాను. ఒకటో తరగతి చదివే మనుమరాలు నూటికి నూరు మార్కుల కాగితం ఊపుకుంటూ వస్తే, ముందు లెక్క ఎలా చేసిందో చూపించమంటాను. ముసలిది మెచ్చుకోదు అని అది మూతి ముడుచుకుంటుంది. ముడుచుకోనీ. నేనూ ఒక పూటంతా ముడుచుకున్నదాన్నే.

కట్టె మీద మరకలు చూసిన మరునాడు పొద్దున బడి బోర్డు మీద తొమ్మిదో పేరు కోళ్ళఫారం పిల్లదే ఉంది. బడి గంటకు ఇంకా సమయముంది. సారు ఇంటి ముందు అవ్వ చిన్న రోకలి నా చేతికిచ్చి, రోట్లో నాలుగు పసుపు కొమ్ములు వేసింది. రోటి అంచు చుట్టూ నిన్న మిగిలిన సుద్ద పూసింది. మొదటి పోటు అంచుకు తగిలి పొన్నుకు తెలుపు అంటింది. అవ్వ కొంగుతో తుడిచింది. రెండోది కూడా తగిలింది, మళ్ళీ తుడిచింది. ఏడో పోటుకు పొన్ను తెలుపు అంటకుండా, పచ్చగా పైకి వచ్చింది. గంట కొట్టారు. నేను చేతులు కడుక్కుని బడికి పోయాను.