రికార్డుల తాతగారి స్టూడియోలో నా సాక్ష్యం

ఇప్పుడంటే ఏ పాట తర్వాత ఏ పాట వినాలో ఫోనే చెప్పేస్తోంది గాని, మేం చదువుకునే రోజుల్లో ఆ పనికి ఒక మనిషి ఉండేవాడు. ఆయన ముఖం మనకు తెలియదు. వారానికొకసారి, చెప్పిన వేళకి వచ్చి మన చెవి పక్కన కూర్చుని, "ఇది విను, తొందరపడకు, రెండో చరణం దాకా ఆగు" అని చెప్పి వెళ్ళిపోయేవాడు. మన అభిరుచి మన సొంతమనుకుంటాం. ఎవరో ఓపికగా ముద్దలు కలిపి తినిపిస్తే అబ్బిందే అది. నాకు బైబిలు వాక్యం తినిపించింది మా నాన్న. అమెరికా నల్లవారి సోల్ సంగీతం తినిపించింది, మెల్‌బోర్న్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్లో శనివారం మధ్యాహ్నాలు రికార్డులు వేసే ఒక ముసలాయన. ఈ ఇద్దరి మధ్యా ఇరుక్కుని నేను పడ్డ అవస్థ ఇది.

మా నాన్న కోనసీమలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి, అంటే పాస్టరు. మా ఇంట్లో రేడియో ఉండేది గాని, అది వార్తలకీ ఆదివారం ప్రసంగానికీ మాత్రమే నోరు తెరిచేది. ఆరో ఏట నుంచి నా వేళ్ళు హార్మోనియం మీద, పదో ఏట నుంచి కీబోర్డు మీద. మైకు ముందు నిలబడితే నాకు తెలిసినవి రెండే పనులు, పాడటం, సాక్ష్యం చెప్పడం. (తెలియనివారి కోసం చెబుతున్నాను. సాక్ష్యమంటే సంఘంలో లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, నేను ఫలానా, ఫలానా పాపంలో ఉండగా దేవుడు నన్ను ఇలా పట్టుకున్నాడు అని దాపరికం లేకుండా చెప్పుకోవడం. చిన్నపిల్లలకి పాపాలు తక్కువ గనక మేం దొంగిలించిన బెల్లం ముక్కలతో సరిపెట్టుకునేవాళ్ళం. ఒకే బెల్లం ముక్క మీద నేను మూడేళ్ళు సాక్ష్యం చెప్పాను.)

చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు, నాన్న స్నేహితుల ద్వారా ఊరి శివారు టార్నీట్‌లో ఒక అంకుల్ ఇంటి వెనక గది దొరికింది. అంకుల్ అక్కడి మా తెలుగు సంఘానికి పెద్ద. ఉద్యోగరీత్యా కొత్త ఇళ్ళు తనిఖీ చేసేవారు. గోడలో వెంట్రుకవాసి పగులున్నా ఆయన కంటికి దొరికిపోయేది, మనుషుల్లో అయితే ఇంకా ముందే దొరికేది. నా బాధ్యతలు మూడు. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించడం, మేం అద్దెకు తీసుకునే బడి హాలు తాళంచెవి జాగ్రత్తగా నా సంచిలో ఉంచుకోవడం, శనివారం ఆయన కారు కడగడం. మొదటి రోజే నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "చూడరా అబ్బాయ్, ఈ ఇంట్లో రెండు కుదరవు. ఒకటి అబద్ధం, రెండోది లోకం పాట, అంటే దేవుడిది కాని ఏ పాటైనా. ఏది దొరికినా మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పి, టికెట్ నేనే బుక్ చేస్తా," అన్నారు. ఆంటీ వంటింట్లోంచి, "ముందు వాడికి అన్నం పెట్టనివ్వండి, తర్వాత పంపిద్దురు," అన్నారు.

లోకం పాట నాకు ఆ కారులోనే దొరికింది. అది పాత కారు. రేడియోకి తిప్పే మీట ఉండేది. అంకుల్ దాన్ని ఒక క్రైస్తవ స్టేషన్ దగ్గర నిలిపి, ఇక తాకేవారు కాదు. ఒక శనివారం లోపల తుడుస్తూంటే తడిగుడ్డ ఆ మీటకి తగిలింది. (తడిగుడ్డ మీద నేరం మోపడం నాకిప్పటికీ సుఖంగా ఉంటుంది.) ఎక్కడినుంచో ఒక ఆర్గన్ మొదలైంది. మా ఊళ్ళో ఉపవాస ప్రార్థన చివర్లో, అందరూ అలిసిపోయి ఇంకా లేవబుద్ధి కానప్పుడు నేను వాయించేవాణ్ణి చూడండి, అచ్చం అలాగే. తర్వాత ఒక ఆడగొంతు. ఆవిడ పాడుతున్నది దేవుడి గురించి కాదు, వెళ్ళిపోయిన మొగుడి గురించి. కాని ఆ పిలుపు మాత్రం ప్రార్థనలోదే. పాట అయ్యాక ఒక ముసలి గొంతు తీరిగ్గా చెప్పింది: "ఈ అమ్మాయి పాడటం నేర్చుకుంది చర్చిలో. వాళ్ళ నాన్న పాస్టరు. ఇప్పుడు ఇదే పాట మళ్ళీ వేస్తాను. మొదటిసారి ఆవిడని విన్నారు. ఈసారి ఆవిణ్ణి వదిలేసి, వెనక ఆర్గన్ వాయించేవాణ్ణి వినండి. వాడు ఎక్కడ వాయించడం లేదో అది వినండి." బకెట్టులో సబ్బునీళ్ళు చల్లారిపోయేదాకా నేను కదల్లేదు. ఆ రోజు నుంచి ఆయన నాకు రికార్డుల తాతగారు.

ఆయన ఇంగ్లండులోని ఒక మిల్లుల ఊరి నుంచి కుర్రతనంలో వలస వచ్చినవాడు. అక్కడి డ్యాన్సు హాళ్ళలో రికార్డులు వేసేవాళ్ళు, దొరకని పాట దొరికితే దాని పేరు పక్కవాడికి తెలియకుండా రికార్డు మీద కాగితం అంటించేవారట. "నా పని ఆ కాగితం పీకడం," అనేవాడు తాతగారు. ఎవరు పాడారు, ఎవరు డోలు వాయించారు, ఏ గల్లీలో పుట్టారు, అన్నీ విప్పి చెప్పేవాడు. ఆయన వద్దన్న పాట మాకు నచ్చేది కాదు. ఆయన మెచ్చుకున్నది మొదట నచ్చకపోయినా, నచ్చేదాకా వినేవాళ్ళం. మాకు అంటున్నానే, ఆ మిగతావాళ్ళంతా నాకు గాలిలో పరిచయం. ఫుట్‌స్క్రేలో ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, వాళ్ళు ఫోన్ చేస్తే ఆయన రేడియోలో పలకరించేవాడు. ధైర్యం చేసి ఒకసారి నేనూ చేశాను. అలవాటు కొద్దీ "ప్రైజ్ ద లార్డ్" అన్నాను. ఆయనకి ఎంత ముచ్చటేసిందో, అప్పటి నుంచి నన్ను "టార్నీట్ బ్రదర్" అనే పిలిచేవాడు. కారు కడిగి, మీట జాగ్రత్తగా వెనక్కి తిప్పి, ఏమీ ఎరగనివాడిలా ఇంట్లోకి వెళ్ళేవాణ్ణి. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

అప్పుడు పిలుపొచ్చింది. నెలకోసారి ఒక శ్రోతని స్టూడియోకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళకి నచ్చిన మూడు పాటలు వేయించడం ఆయన ఆనవాయితీ. ఈసారి టార్నీట్ బ్రదర్. శనివారం మూడు గంటలకి. అంకుల్‌తో "యూనివర్సిటీలో గ్రూప్ అసైన్‌మెంట్ ఉందండి, ఐదింటి పాటల ప్రాక్టీసుకి వచ్చేస్తాను," అన్నాను. ఆయన నా మొహంలో పగులు వెతికినట్టు ఒక్క క్షణం చూసి, "శనివారం ఆర్వో కూడా చదివిస్తున్నారా? మంచిదే," అన్నారు. (ఆర్వో అంటే అక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం.) ఆ "మంచిదే" రైల్లో దారంతా నా వెంట వచ్చింది.

స్టూడియో అంటే ఏదో అనుకున్నాను. ఒక దుకాణం పైన మెట్లెక్కి వెళితే, చప్పుడు మారుమోగకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించిన గది. తాతగారు నేను ఊహించినంత పొడుగు లేడు. చెప్పుల్లో సాక్సులు. ఒక రికార్డు తిరుగుతూండగా నాకు హెడ్‌ఫోన్లు తగిలించి, "కంగారు పడకు మేట్. ఎర్ర లైటు వెలగగానే మనం గాల్లో ఉన్నట్టు. నీ సంగతి, ఈ పాటల దగ్గరికి ఎలా వచ్చావో రెండు ముక్కలు చెప్పు, చాలు," అన్నాడు. ఫోన్ ఆపేశాను. గడియారం మూడుకి రెండు నిమిషాలు తక్కువ. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు కారు మీట గుర్తొచ్చింది. ఆ రోజు రైలు కోసమని కారు పొద్దున్నే కడిగాను. ఆ వేళ తాతగారి కార్యక్రమం లేకపోయినా అలవాటుగా ఆ స్టేషనే పెట్టాను. ఆలస్యమైపోతోందని బకెట్టు బోర్లించి పరుగెత్తాను. మీట వెనక్కి తిప్పలేదు. ప్రతి శనివారం మూడింటికి అంకుల్, ఆంటీ కూరగాయలకి బయల్దేరతారు. కారు తాళం తిప్పగానే రేడియో తనంతట తానే మోగుతుంది.

రికార్డు చివరి గీతల్లోకి వచ్చింది. పారిపోదామా అంటే తలుపుకీ నాకూ మధ్య తాతగారి కుర్చీ. నోటికి గుడ్డ కట్టుకుని వేరే గొంతుతో మాట్లాడదామా అని కూడా అనుకున్నాను. ఎర్ర లైటు వెలిగింది. "మన టార్నీట్ బ్రదర్ వచ్చాడు," అన్నాడు తాతగారు, "చెప్పు బ్రదర్."

మైకు కనిపించింది. నేను లేచి నిలబడ్డాను. హెడ్‌ఫోన్లు వైరుతో సహా ఊడి బల్ల మీద పడ్డాయి. కళ్ళు మూతలుపడ్డాయి. చిన్నప్పటి నుంచీ మైకు ముందు చేసిందే నోరు చేసేసింది. "ప్రైజ్ ద లార్డ్. నా పేరు ఫలానా. నేను ఒక దైవసేవకుడి కొడుకుని. నేను అబద్ధంలో జీవిస్తున్నాను. ఎనిమిది నెలలుగా మా అంకుల్ కారులో దొంగతనంగా ఈ పాటలు వింటున్నాను. ఈ రోజు కూడా యూనిలో అసైన్‌మెంట్ ఉందని చెప్పి ఇక్కడికి వచ్చాను. అసైన్‌మెంట్ లేదు. గ్రూపూ లేదు. ఆయన నాకు గది ఇచ్చారు, అన్నం పెట్టారు. ఈ పాటలు చెడ్డవని నాకు అనిపించడం లేదు, కాని అబద్ధం చెడ్డదని తెలుసు. మీరందరూ నా కోసం ప్రార్థన చేయండి." చివరి మాట కూడా అలవాటే.

కళ్ళు తెరిచేసరికి తాతగారు నా వైపే చూస్తున్నాడు. రేడియోలో నిశ్శబ్దం పెద్ద పాపమట. ఆయన ఆ పాపం చాలాసేపు చేశాడు. తర్వాత మెల్లగా, "ఇన్నేళ్ళలో ఒక పాటకి ఇంత మంచి ముందుమాట ఎవరూ చెప్పలేదు," అని రికార్డు మీద ముల్లు దించాడు. బల్ల మీద ఫోన్ల లైట్లన్నీ మిణుకుమంటున్నాయి. నర్సు నా కోసం ప్రార్థిస్తానందట. బస్సు డ్రైవరు ఇల్లు మారిపొమ్మన్నాడట. మైకు ఆపి తాతగారు అడిగాడు, "మీ అంకుల్ ఇది వింటారా?" "ఇవాళ ఒక్కరోజు మాత్రం వింటారండి," అని మీట సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. మిగిలిన రెండు పాటల పేర్లు రాయించుకుని, "వెళ్ళు. ఆయన నిన్ను వెతుక్కుంటూ రాకముందే నువ్వే ఎదురెళ్ళు," అన్నాడు.

రైలెక్కి ఫోన్ తెరిస్తే అంకుల్ దగ్గర్నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. చివర్న ఒక్క మెసేజ్: "టార్నీట్ రైల్వే స్టేషన్ దగ్గర ఉంటాను." బైబిల్లో ప్రవక్తని మింగిన చేప కడుపులో కూడా అంత చీకటి ఉండి ఉండదు. కిటికీలోంచి ఎండిన గడ్డి, సగం కట్టిన ఇళ్ళు వస్తూ పోతూ ఉన్నాయి. అందులో ఎన్నింటిని అంకుల్ పగులుందని వెనక్కి పంపారో అనుకున్నాను. నాన్నకి ఏం చెప్పాలో తెలుగులో ఒకసారి, ప్రార్థనలో ఒకసారి అనుకుని చూశాను. రెండూ కుదరలేదు.

అంకుల్ కారుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "ఎక్కు," అన్నారు. ఎక్కాను. ఆయన తలుపు వేసుకోగానే నేను మొదలుపెట్టేశాను. తడిగుడ్డ దగ్గర్నుంచి, మీట, ఎనిమిది నెలలు, అసైన్‌మెంట్, స్టూడియో, సాక్ష్యం, అన్నీ. "టికెట్ మీరు కొనక్కర్లేదండి, నేనే చూసుకుంటాను," అని కూడా అన్నాను. ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఏ రేడియో రా?" అన్నారు.

"మీరు విన్లేదా?"

"నేనెక్కడ విన్నాను! మీ ఆంటీ ఎక్కీ ఎక్కగానే రేడియో కట్టేసి వాళ్ళ అక్కతో స్పీకర్ ఫోన్ పెట్టింది, దిగేదాకా అదే ప్రసంగం. ప్రాక్టీసు నాలుగింటికి మార్చాం, నీ ఫోన్ చూస్తే స్విచాఫ్. హాలు తాళంచెవి నీ సంచిలో ఉంది. అక్కడ ఇరవైమంది గాలికి వణుకుతూ నించున్నార్రా!"

సంచిలో తాళంచెవి గలగలమంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఒకే పాపానికి ఒకే రోజు రెండు సాక్ష్యాలు, అందులో రెండోది ఎవరూ అడగనిది.

అంకుల్ చెయ్యి చాచి రేడియో పెట్టారు. మీట నేను వదిలిన చోటే ఉంది. తాతగారి గొంతు: "టార్నీట్ బ్రదర్ గారి అంకుల్ ఒకవేళ వింటూంటే, సార్, ఈ కుర్రాడు నా దగ్గరికి రాకముందే వినడం నేర్చుకుని వచ్చాడు. అది మీ దగ్గర నేర్చుకున్నదే. ఇతను కోరిన చివరి పాట ఇది." ఆర్గన్ మొదలైంది. నేను మొదటి శనివారం విన్న పాటే. అంకుల్ ఇంజను స్టార్ట్ చేయలేదు. రెండో చరణం దగ్గర ఆయన వేలు స్టీరింగు మీద ఒకసారి కదిలి, ఎవరో చూసినట్టు ఆగిపోయింది. ఫోన్ మోగింది, ఆంటీ. "ఎక్కడున్నారండీ? అందరూ చలికి చచ్చిపోతున్నారు!" ఆ అరుపు నాక్కూడా వినిపించింది. అంకుల్ రేడియో తగ్గించి, కదలని కారులోంచి, "వస్తున్నామే, ట్రాఫిక్‌లో ఉన్నాం," అన్నారు.

ఫోన్ పెట్టేశాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాట పూర్తయింది. "ఈ ఆర్గన్ వాయించినతను ఏ సంఘం?" అని అడిగారు. తెలియదన్నాను. "తెలుసుకోవాలి మరి," అని కారు తీశారు. హాలు మలుపు దగ్గర, "శిక్ష పాటకి కాదురా, అబద్ధానికి. నాలుగు వారాలు కీబోర్డు ముట్టుకోకు. మీ నాన్నగారికి నువ్వే చెప్పుకో," అన్నారు.

మర్నాడు సాక్ష్యాల సమయంలో నేను లేవబోతూంటే, ముందు వరుసలోంచి అంకుల్ లేచారు. కళ్ళు మూసుకున్నారు. "నిన్న నేను నా భార్యతో ట్రాఫిక్‌లో ఉన్నానని చెప్పాను. ట్రాఫిక్ లేదు," అన్నారు. ఆంటీ, "నాకు తెలుసండీ, ఇంజను చప్పుడు లేదు," అన్నారు. ఐదో వారం నేను కీబోర్డు ముందు కూర్చోగానే ఆయన వంగి నా చెవిలో, "చివరి చరణం ముందు ఆ ఆర్గన్ అతను ఆగాడు చూడు, అలా ఆగు," అన్నారు. అప్పటి నుంచి ఆగుతూనే ఉన్నాను.

తాతగారి కార్యక్రమం ఆగిపోయి చాలా కాలమైంది. ఆ ఆర్గన్ అతను ఏ సంఘమో అంకుల్‌కి ఇంకా చెప్పలేకపోయాను. ఇప్పుడు మా ఇంటి వెనక గదిలో నర్సింగ్ చదివే ఒక అమ్మాయి ఉంటోంది, రాజమండ్రి వైపు పాస్టరు గారి కూతురు. డ్యూటీకి నా కారు తీసుకెళుతుంది. మొన్న కారు ఎక్కి స్టార్ట్ చేయగానే, నేనెప్పుడూ పెట్టని స్టేషనేదో దడదడమంటూ అరిచింది. చెయ్యి మీట దాకా వెళ్ళింది. ఆ పాట నాకు ఒక్క ముక్క నచ్చలేదు. మా ఇంటి ముందే ఇంజను ఆపి, రెండో చరణం దాకా కూర్చున్నాను.