ఎడమ చక్రం నాది

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి రోడ్డు మీదికి ఎక్కే దారి బాగా ఏటవాలు. ఆ పొద్దున కారులో ఆఫీసుకు బయల్దేరి సగం ఎక్కాక, లాప్‌టాప్ బ్యాగు కింద లిఫ్టు దగ్గరే వదిలేశానని గుర్తొచ్చింది. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, నా కారు నన్ను దాటుకుని వెనక్కి జారిపోయింది. చప్పుడు లేదు, తొందరా లేదు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చక్రం కింద సిమెంటు ఇటుక తోశాడు. వెనకున్న స్తంభానికి జానెడు దూరంలో ఆగింది.

"బ్రేకులు ఖతమైనయి మేడం," అన్నాడు అతను, ఆయాసం తీర్చుకుంటూ. "బోరబండల ఒకామె ఉన్నది. ఇంజన్ పని ఆమె మొగడు చూస్తడు. బ్రేకులైతే ఆమెనే."

కొండాపూర్‌లో కాపురం పెట్టిన కొత్తలో కొన్న కారు అది. పద్నాలుగేళ్లు నిండాయి. కొన్ని నెలలుగా వెనక చక్రాల్లోంచి ఇనుము గీరుకున్నట్టు శబ్దం వస్తూనే ఉంది. నేను పాటల సౌండు పెంచుకుని నెట్టుకొచ్చాను. ఆఫీసులో నా పనే తప్పులు పట్టుకోవడం. కొత్తగా రాసిన ప్రోగ్రాములన్నీ ముందు నా దగ్గరికే వస్తాయి. అలాంటిదాన్ని, సొంత కారు అన్నాళ్లు మొత్తుకుంటే వినలేదు.

శనివారం, వాచ్‌మన్ చెప్పిన ఆ బ్రేకులామె భర్త మా ఇంటికి వచ్చి, బండిని తనే మెల్లగా నడుపుతూ తీసుకెళ్లాడు. నేను పక్కన కూర్చున్నాను. బోరబండ రైల్వే స్టేషన్ వెనక సందులో, రోడ్డు వాలుగా దిగేచోట రేకుల షెడ్డు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుంది. నాకు నమస్తే కూడా చెప్పకముందే కారు వెనక చక్రం మీద అరచేయి ఆనించి చూసింది.

"ఎప్పటిసంది అరుస్తుంది ఇది?"

"ఈమధ్యేనండి," అని అబద్ధమాడాను.

ఆమె ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, వెనక భాగం జాకీతో లేపి, కింద స్టాండ్లు బిగించి, రెండు చక్రాలూ ఊడదీసింది. లోపల బ్రేకు డ్రమ్ము తుప్పుతో పట్టేసి ఉంది. చుట్టూ సుత్తితో చిన్నగా తడుతూ తిప్పింది, తడుతూ తిప్పింది. చివరికి అది మూకుడు మీది మూతలా చేతిలోకి వచ్చేసింది. లోపలంతా నల్లటి దుమ్ము. నేను ఊదబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊదొద్దు మేడం. ఈ దుమ్ము మంచిది కాదు, పానం ఖరాబైతది." నీళ్లు చల్లి, తడి బ్రష్షుతో తుడిచింది.

అప్పుడు చూశాను. అర్ధచంద్రాల్లాంటి రెండు ఇనుప ముక్కలు, వాటి అంచున అతికించిన పట్టీలు, మూడు నాలుగు స్ప్రింగులు. నేను పెడల్ నొక్కినా, హ్యాండ్‌బ్రేకు లాగినా ఆ రెండు ముక్కలూ విచ్చుకుని, తిరుగుతున్న డ్రమ్మును లోపలినుంచి అదిమి పడతాయట.

"ఇంతేనా?" అన్నాను.

"గంతే," అంది ఆమె.

హోరు వానలో, మా పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఫ్లైఓవర్ దిగుతూ నేను నమ్ముకున్నది వీటినా? ఆమె కొత్త పట్టీని నా చేతిలో పెట్టింది. పెసరట్టంత మందం ఉంది. నా కారుది కాగితంలా అరిగిపోయింది. ఒకచోట కాగితం కూడా లేదు, ఉత్త ఇనుమే డ్రమ్మును గీరి గాడి చేసింది. దాన్ని వేలితో తడిమి చూశాను. అరిగిపోతూ కూడా అది నన్ను రోజూ ఇంటికి చేర్చింది.

రెండో డ్రమ్మునూ అలాగే ఊడదీశాక, రెండింటినీ లేతు మిషన్ మీద సాపు చేయించడానికి భర్త మూసాపేట వెళ్లాడు. ఆమె కుడి చక్రం లోపలి సామాను విప్పసాగింది. ఎడమది ముట్టుకోలేదు.

"రెండూ ఒకేసారి విప్పరా?"

"ఇప్పొద్దు. ఏ స్ప్రింగు ఎటు పోతదో మర్చిపోతే, రెండోదాన్ని చూసుకోవచ్చు. ఇరవై ఏండ్లసంది చేస్తున్న, ఇప్పటికీ గిట్లనే."

కొత్తవి ఆమె బిగిస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. స్ప్రింగును పట్టకారుతో లాగి, ఓ చిన్న మెలిక తిప్పి వదిలితే, అది వెళ్లి తన రంధ్రంలో కూర్చునేది. ఆమె దానివైపు చూడను కూడా లేదు. ఇదెందుకు, అదెందుకు అని నేను అడుగుతూనే ఉన్నాను. చివరికి పట్టకారు నా ఒళ్లో పెట్టింది.

"ఇంతగనం అడుగుతున్నరు. ఎడమది మీరే చెయ్యండ్రి. నేను ఈడనే ఉంట."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

మొదటి స్ప్రింగు నా చేతిలోంచి ఎగిరి రోడ్డవతల పడింది. రెండోసారి పట్టకారు జారి బొటనవేలు చీరుకుంది. పనిలో పడ్డాక ఆమె మాటల్లోంచి 'మేడం' పోయింది, 'చెల్లె' వచ్చింది.

"కోపంతోని లాగకు చెల్లె. అది నీకంటే మొండిది. జర వంచి, మెల్లగ దాని గాడిల పెట్టు."

గంటన్నర పట్టింది. సాపు చేసిన డ్రమ్ము ఎక్కించాక, వెనక రంధ్రంలోంచి లోపలి పళ్లచక్రంలాంటి దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్ను జరుపుతూ, డ్రమ్మును తిప్పి, దానికి చెవి దగ్గరగా పెట్టి వినమంది.

"పట్టీ డ్రమ్ముకు జర గీరాలె. గట్టిగ పట్టొద్దు."

తిప్పాను. ఏమీ లేదు. ఇంకో పన్ను. ఏమీ లేదు. ఇంకొకటి. దూరంగా ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టు సన్నటి గీరుడు వినిపించింది. ఆమె కూడా తల వంచి విని, "అదే," అంది. ఉద్యోగంలో ఎన్నో మెచ్చుకోళ్లు విన్నాను కానీ, ఆ ఒక్క మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చక్రాలు ఎక్కించాక, సందులో నాతో పదిసార్లు మెల్లగా నడిపించి ఆపించింది. తర్వాత షెడ్డు ముందున్న వాలు మీద, ముక్కు ఎగువకు పెట్టి ఆపమంది. "హ్యాండ్‌బ్రేకు లాగు. గేరు తియ్యి." చేశాను. పక్క హోటల్ నుంచి టీ గ్లాసు తెచ్చుకుని, ఆమె కారు వెనక్కి వెళ్లింది. రెండడుగుల దూరంలో, కారుకు వీపు పెట్టి నిలబడింది.

కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, ఎడమది నేను చేసింది!" అని అరిచాను.

"ఎరికే. నేను చూసిన కద. ఇగ పెడల్ మీదికెల్లి కాలు తియ్యి."

తీశాను. కారు వేలెడంత వెనక్కి ఒరిగి, నిలిచిపోయింది. అద్దంలో ఆమె వీపు కనిపిస్తోంది. గ్లాసు పైకి లేస్తోంది, దిగుతోంది. ఆవిడ తొందరపడలేదు. ఎదురింటివాళ్లతో ఏదో మాట్లాడింది కూడా. సీట్లో నేను ఊపిరి బిగబట్టుకుని, నా పని మీద ఒక మనిషి ప్రాణం పెట్టి నిలబడటం చూస్తూ ఉన్నాను.

టీ అయిపోయాక కిటికీ దగ్గరికి వచ్చింది.

"ప్రతి బండికీ ఇలాగే నిలబడతారా?"

"ప్రతి బండికి."

"భయం వెయ్యదా?"

"ఎందుకు కాదు, భయమైతది. ఆఖరికి ఎనక నిలబడేది నేనే అని యాది ఉంటది. గందుకే చెయ్యి తప్పు చెయ్యది."

సాయంత్రం కొండాపూర్ తిరిగి వస్తుంటే సిగ్నల్ పడింది. పెడల్ నొక్కాను. కారు మెత్తగా ఆగింది. ముందూ వెనకా, అటూ ఇటూ బస్సులు, క్యాబులు, ఆటోలు, బైకులు, వందల చక్రాలు ఒక్క ఎర్రదీపానికి నిలబడిపోయాయి. వాటి ముందునుంచి ఓ తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని, మావైపు చూడకుండా, ఏదో కబురు చెబుతూ రోడ్డు దాటుతోంది. ప్రతి చక్రం లోపలా ఎవరో ఒకరు ఒక స్ప్రింగును వంచి గాడిలో పెట్టి ఉంటారు. ఆ మనుషులెవరో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. వాళ్లిద్దరూ అవతలి ఫుట్‌పాత్ ఎక్కేదాకా చూస్తూ ఉండిపోయాను. పచ్చదీపం ఎప్పుడు వెలిగిందో, వెనక ఆటో హారన్ కొట్టేదాకా తెలియనే లేదు.